నక్షత్రాల కింద ఉన్న అంకె

(మార్చి మొదటి వారంలో కావలిలో ఒక కాలనీ వాసుల సమావేశంలో విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు చేసిన ప్రసంగం)

సభలోని పెద్దలకు, అమ్మలకు, పిల్లలకు నమస్కారం.

నా చేతిలో రెండు స్టిక్కర్లు ఉన్నాయి. వెనక వరుసలో కూర్చున్న వారికి కనిపించకపోవచ్చు, తర్వాత అందరికీ అందిస్తాను. రెండూ ఏసీల మీద అంటించేవే. ఒకదాని మీద ఐదు నక్షత్రాలు ఉన్నాయి, రెండోదాని మీద నాలుగే. ఏది మంచిదని అడిగితే మనలో ఎవరైనా ఐదున్నదే అంటాం. మా మేనకోడలు కూడా అలాగే అనుకుంది. 2023 వేసవిలో ఒక దుకాణంలో వాడిన ఏసీ కొని, "ఐదు స్టార్లది చవకగా దొరికింది మామయ్యా" అని సంతోషంగా ఫోను చేసింది. వెళ్లి కళ్లజోడు పెట్టుకుని చూశాను. నక్షత్రాల దగ్గర, చిన్న అక్షరాల్లో, లేబుల్ చెల్లుబాటు 2018 నుంచి 2020 డిసెంబరు వరకు అని ఉంది. దాని సామర్థ్యం అంకె 4.55. నా రెండో చేతిలో ఉన్న నాలుగు నక్షత్రాల స్టిక్కర్ 2023 నాటిది. దాని అంకె 4.80. అంటే నక్షత్రం తక్కువైనా కరెంటు తక్కువ తాగేది ఇదే.

ఎలా జరిగిందంటే, నక్షత్రాలిచ్చే కొలబద్దను ప్రభుత్వం కొన్నేళ్లకోసారి పెంచుతుంది. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఈ పని చూస్తుంది. 2018 పట్టిక ప్రకారం 4.50 దాటితే ఐదు నక్షత్రాలు. 2022 జూలై నుంచి ఐదు నక్షత్రాలకు 5.00 కావాలి, 4.40 నుంచి 4.99 దాకా నాలుగే. 2026 జనవరి నుంచి మళ్లీ పెంచారు. ఇది మంచి పద్ధతే, కంపెనీలు ఎక్కడివక్కడ ఆగిపోకుండా ముందుకు కదులుతాయి. కానీ కొనేవాళ్లు ఏ ఏడాది నక్షత్రమో చూడకపోతే మోసగించినవాడు లేకుండానే మోసపోతారు. అందుకే నక్షత్రాలను లెక్కపెట్టవద్దు, వాటి కింద ఉన్న అంకె చదవండి అని ఇక్కడికి వచ్చాను.

ఆ అంకె పేరు ఐఎస్‌ఈఈఆర్. పేరు చూసి భయపడకండి. ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. గదిలో ఉన్న వేడిని బయటికి తోడిపోస్తుంది. బావిలో నీళ్లు మోటారుతో తోడినట్టే. ఒక యూనిట్ కరెంటు తాగి ఎన్ని యూనిట్ల వేడిని బయటికి తోడింది? అంకె 4 అయితే నాలుగు, 5 అయితే ఐదు. బావి ఎంత లోతైతే మోటారుకు అంత కష్టం. బయట ఎండ ఎంత ముదిరితే ఏసీకి అంత కష్టం. కాబట్టి ఒక్క రోజు ఎండ చూసి ఈ అంకె వేయరు. మన దేశపు వాతావరణాన్ని బట్టి 24 డిగ్రీల నుంచి 43 డిగ్రీల దాకా ఏ వేడిలో ఎన్ని గంటలు నడుస్తుందో పంచి, ఏడాదికి మొత్తం 1600 గంటలకు సగటు కడతారు. స్టిక్కర్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని కనిపించేది ఆ 1600 గంటల లెక్కే. అది మీ ఇంటి లెక్క కాదు.

మీ ఇంటి లెక్క కట్టాలంటే ముందు కరెంటు బిల్లు అర్థం కావాలి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది కాబట్టి కాసేపు ఓపిక పట్టండి. 2022 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో గృహావసరాల స్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. చలికాలంలో నెలకు 180 యూనిట్లు వాడే ఇల్లు అనుకుందాం. కరెంటు ఖరీదు వరకే చూస్తే రూ.747 అవుతుంది. సగటున యూనిట్‌కు నాలుగు రూపాయల పదిహేను పైసలు. మే నెలలో ఏసీ మరో 200 యూనిట్లు కలిపిందనుకోండి. మొత్తం 380. ఇప్పుడు లెక్క రూ.2,373. వాడకం రెట్టింపుకు కాస్త పైన, బిల్లు మూడింతలు దాటింది. ఎందుకంటే ఏసీ తాగిన యూనిట్లలో 45 మాత్రమే ఆరు రూపాయలవి, మిగిలిన 155 రూ.8.75వి. స్థిర చార్జీలు, ఇంధన సర్దుబాటు చార్జీలు వీటికి అదనం. మన బిల్లులో ఏసీ ఎప్పుడూ పైమెట్టు మీదే కూర్చుంటుంది. కాబట్టి మంచి ఏసీ ఆదా చేసే ప్రతి యూనిట్‌ను నాలుగు రూపాయలతో కాదు, రూ.8.75తో గుణించాలి.

ఇప్పుడు కొనుగోలు లెక్క. ఒక ఏసీ అంకె 4.0, స్టిక్కర్ మీద 1000 యూనిట్లు. మరొకటి అదే పరిమాణంలో 5.0, స్టిక్కర్ మీద 800. తేడా 200. కానీ రాత్రి ఎనిమిది గంటలు, నాలుగు నెలలు మాత్రమే వేసుకునే ఇంట్లో అయ్యేది 960 గంటలే. అక్కడ తేడా 120 యూనిట్లకు దిగుతుంది, ఏడాదికి రూ.1,050. రెండు ఏసీల ధరలో తేడా రూ.9,000 అనుకుంటే, అది తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. అదే ఇంట్లో మంచం పట్టిన పెద్దవారుండి, రోజుకు పదహారు గంటల చొప్పున ఐదు నెలలు నడిపితే 2400 గంటలు. తేడా 300 యూనిట్లు, ఏడాదికి రూ.2,625. మూడున్నరేళ్లలో డబ్బు తిరిగి వస్తుంది, తర్వాత అంతా మిగులే. ఒకే వీధిలో ఒకరికి ఖరీదైనది లాభం, మరొకరికి మధ్యరకం చాలు. దుకాణంలో ఎవరూ ఈ గంటల సంగతి అడగరు. మీరే కాగితం మీద రాసుకుని వెళ్లండి.

స్టిక్కర్ మీద చల్లబరిచే శక్తి వాట్లలో ఉంటుంది, అది కూడా చూడండి. ఒక టన్ను అంటే సుమారు 3,500 వాట్లు. ఒకటిన్నర టన్ను అని చెప్పే వాటిలోనూ ఈ అంకె ఒకదానికీ మరొకదానికీ మారుతుంది.

ఇంతకంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు బాధగా ఉంటుంది. అదే ఫ్యాను. మన దగ్గర ఏసీ నాలుగు నెలలు, ఫ్యాను మాత్రం పది నెలలు. పాత రకం సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ రకం, అంటే బ్రష్‌లు లేని మోటారుండే ఫ్యాను, సుమారు 30 వాట్లతో అదే గాలినిస్తుంది. తేడా 45 వాట్లేనా అనిపిస్తుంది. రోజుకు పదిహేను గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు తిప్పి చూడండి, 200 యూనిట్లు. ఇందాక రెండు ఏసీల మధ్య 1600 గంటలకు వచ్చిన తేడా కూడా సరిగ్గా 200 యూనిట్లే. అంటే మూడు ఫ్యాన్లు మార్చిన ఇల్లు అంతకు మూడింతలు మిగుల్చుకుంటుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకూ నక్షత్రాల లేబుల్ తప్పనిసరి అయింది. బీఎల్‌డీసీ ఫ్యాను బిగించేటప్పుడు గోడ మీదున్న పాత రెగ్యులేటర్ తీయించండి, దానికి అది పనికిరాదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో పడమటి గాలి కొట్టి, సాయంత్రమైనా తుమ్మలపెంట వైపు నుంచి సముద్రపు గాలి తిరగకపోతే, మిద్దె రాత్రి పన్నెండు దాకా కక్కే వేడి మీకందరికీ తెలుసు. మా ఇంట్లో పై అంతస్తు గదిలో రాత్రి పదింటికి పైకప్పు లోపలివైపు చెయ్యి ఆనించి చూశాను. పొయ్యి మీంచి దించిన పెనం ఆరుతున్నట్టు ఉంది. ఎంత గొప్ప అంకె ఉన్న ఏసీ అయినా ముందు ఆ మిద్దెతో పోరాడాలి. మరుసటి వారం పైన రెండు పూతలు తెల్లసున్నం వేయించాం. ఆ గదిలో పడుకునే మా అబ్బాయి మొదటి రాత్రే తేడా చెప్పాడు. పడమటి కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టినా మేలే, కాకపోతే మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఒంగోలు, కావలి, నెల్లూరు తీరమంతటా అది లోపలి ఊళ్లలో ఇచ్చినంత చల్లదనం ఇవ్వదు. కూలర్ల సంగతీ అంతే.

ఉప్పుగాలి మన ప్రత్యేక సమస్య. బయట పెట్టే యూనిట్‌లోని రేకులు తుప్పు పట్టి వేడిని వదలలేకపోతే స్టిక్కర్ మీది అంకె కాగితానికే పరిమితం. తుప్పు తట్టుకునే పూత ఉందా అని అడిగి తీసుకోండి. దాన్ని పడమటి ఎండలో పెట్టవద్దు, గాలి ఆడని ఇరుకు సందులో అసలే వద్దు. లోపలి జల్లెడను వేసవిలో పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడగండి.

2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా వస్తున్నాయి. చాలామంది వెంటనే 18కి దించుతారు. గది దానివల్ల త్వరగా చల్లబడదు, యంత్రం ఆగకుండా నడుస్తుంది, అంతే. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో చెబుతోంది. 26 దగ్గర ఉంచి ఫ్యాను తిప్పుకోండి.

ఇక వేడి సంగతి. మన జిల్లాల్లో ఇళ్లను వెచ్చబరిచే అవసరం లేదు, ఉన్నదల్లా గీజరే. దాని నక్షత్రాలకు అర్థం వేరు. నీళ్లు కాచడంలో మామూలు కరెంటు గీజరు ఏదైనా ఒక యూనిట్ కరెంటుకు దాదాపు ఒక యూనిట్ వేడే ఇస్తుంది. కాచిన నీళ్లను తొట్టి ఎంతసేపు చల్లారకుండా ఉంచుతుందో ఆ నక్షత్రాలు చెబుతాయి. స్నానానికి ముందు వేసి, వెంటనే ఆపేసే ఇంట్లో వాటికోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. రోజంతా ఆన్‌లో ఉంచే అలవాటుంటే మాత్రం ఐదు నక్షత్రాలదే తీసుకోండి.

ఇప్పుడు స్టిక్కర్లు మీ దగ్గరికి పంపుతున్నాను. మీరు తెచ్చిన బిల్లుల్లో గత మే నెలదీ, జనవరిదీ పక్కపక్కన పెట్టుకోండి. మే యూనిట్లలోంచి జనవరి యూనిట్లు తీసేయండి. మిగిలినవి వేసవి ఏసీ, ఫ్యాన్ల రూపంలో మీ ఇంట్లోకి తెచ్చిన యూనిట్లు. ఆ అంకెను కాగితం మీద రాసుకుని ఒక్కొక్కరుగా ఈ బల్ల దగ్గరికి రండి. ఎవరి లెక్క వారితో కూర్చుని కడదాం.