ట్రాలీ మీది పాత రంపం మిషన్: 9 నెలల పని, ఇయ్యాల మొదటి కోత

నమస్తే అందరికీ. ఇగో నా వెనక ఎర్ర రంగు ట్రాలీ కనిపిస్తుంది కదా, దాని మీద ఇనుప టేబులు, టేబులు మధ్యల 24 అంగుళాల రంపం బిళ్ళ, ముందల ఇంజన్, దీని గురించే ఇయ్యాల వీడియో. పోయిన దసరా అప్పుడు దీన్ని హైదరాబాద్‌ల మన బాలానగర్ షెడ్డుకి తెచ్చిన, అప్పుడు రంపం చేతితో తిప్పితే తిరగలే, ఇంజన్ జాం, ట్రాలీకి ఒక టైరు లేనే లేదు. ఇయ్యాల పొద్దున దీని మీద వేప మొద్దు కోసిన. అందుకే రివ్యూ చేస్తున్న, ఏం బాగైంది, ఏం ఇంకా కాలేదు, ఇట్లాంటిది మీకెక్కడన్నా దొరికితే తీసుకోవచ్చా లేదా, అన్నీ చెప్తా.

ఇది మా పెద్దనాయిన మిషన్. ఆయన పురానాపూల్ దిక్కు కట్టెల అడ్డ నడిపేటోడు. మన సిటీల కట్టెలమండి అని ఏరియా పేరే ఉంది కదా, గ్యాస్ సిలిండర్లు రాకముందు ప్రతి పొయ్యికీ కట్టెలే, ఇప్పటికీ రంజాన్ వచ్చిందంటే హలీం బట్టీలకి కట్టెలే కావాలె. అడ్డ మీదికి లారీల తుమ్మ, చింత, వేప దిగేది, అదిగాక ఎక్కడన్నా పెద్ద చెట్టు పడితే దాన్ని లారీకి ఎక్కియ్యాలంటే కష్టం కాబట్టి మిషన్‌నే ట్రాక్టర్‌కి తగిలించి అక్కడికి తీస్కపోయేటోళ్ళు. ట్రాలీ మీద పెట్టిందే అందుకు. ఇంగ్లండ్‌ల కూడా ఇట్లాంటివి పొలాల దగ్గర ఉండేవంట, ట్రాక్టర్ పక్కనున్న పుల్లీ నుంచి పట్టా వేసి నడిపేటోళ్ళు, అక్కడ గ్రేట్ డార్సెట్ స్టీమ్ ఫెయిర్ అని 1969 నుంచి జరిగిన పెద్ద ఉత్సవంల స్టీమ్ ఇంజన్లతోని రంపాలు నడిపి జనాలకి చూపెట్టేటోళ్ళు. మన దగ్గర ఇట్లాంటివి పాత ఇనుము కింద తూకానికి పోతున్నయి. అడ్డ జాగ అమ్మేటప్పుడు ఇది కూడా తూకానికే పోవాల్సింది, నేను అడిగి తెచ్చుకున్న.

ఇంజన్ సంగతి తొందరగా చెప్పేస్తా ఎందుకంటే మీరందరూ కామెంట్లల్ల ఇంజన్ ఇంజన్ అంటరు గాని దీంట్ల ఈజీ పని అదే. రాజ్‌కోట్ తయారీ లిస్టర్ టైపు, 6 హెచ్‌పీ, 650 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 650 చుట్లు, సింగిల్ సిలిండర్, రెండు దిక్కులా పెద్ద ఫ్లైవీల్స్, అంటే బరువు చక్రాలు. ఒరిజినల్ లిస్టర్ ఇంగ్లండ్‌ల డర్స్‌లీ అనే ఊరిది, ఆ డిజైన్ని రాజ్‌కోట్‌ల ఏండ్ల తరబడి చేసిన్రు, మన పొలాల్ల బావుల మీద డుగ్ డుగ్ అని నడిచినవి మస్తు అవ్వే. పిస్టన్ పట్టేసి ఉండె, డీజిల్ పోసి పది రోజులు వదిలేసి, రోజుకింత పోస్తూ ఫ్లైవీల్ అటిటు ఊపుతూ పోతే పదకొండో రోజు కదిలింది. రింగులు, నాజిల్, హెడ్ ప్యాకింగ్ మార్చిన. స్పేర్లు రాణిగంజ్‌ల అడిగితే ఒక్క పూటల దొరికినయి. అంతే.

అసలు పని స్పిండిల్. రంపం మిషన్ అంటే ఇంజన్ కాదు, పెయింట్ కాదు, రంపం బిళ్ళని పట్టుకుని తిరిగే ఆ షాఫ్టూ దాని రెండు బేరింగులూ, అంతే. ఇది మాత్రం గట్టిగ చెప్తున్న, ఎందుకంటే ఇట్లాంటివి కొనేటోళ్ళు ఇంజన్ స్టార్ట్ అయిందా అని చూసి పైసలిస్తరు, షాఫ్ట్ పట్టుకుని పైకి కిందికి ఊపి ఎవ్వరూ చూడరు.

దీంట్ల బాల్ బేరింగులు కావు, వైట్ మెటల్. 1839ల ఐజాక్ బాబిట్ అనే అమెరికా ఆయన పేటెంట్ తీసుకున్న రకం, తగరం ఎక్కువ, దాంట్ల కొంచెం ఆంటిమొని, కొంచెం రాగి. పోత ఇనుము గిన్నెల ఈ మెటల్ కరగపోసి ఉంటది, షాఫ్ట్ దాని మీద నూనె పొర మీద తిరుగుతది. పాత మెటల్ అరిగి ఒక దిక్కు షాఫ్ట్ ఇనుముని తాకుతుండె. బాల్ బేరింగ్ ప్లమ్మర్ బ్లాకులు, అంటే రెడీమేడ్‌గ దొరికే బేరింగ్ దిమ్మెలు, వేసేయ్ అని మస్తు మంది అన్నరు, వెయ్యొచ్చు, తప్పు కాదు, కాని పాత పద్ధతిల ఒకసారి చెయ్యాలని నాకు మనసుల ఉండె.

మొదటిసారి పోసింది ఖరాబైంది. గిన్నెని సరిగ్గ వేడి చెయ్యలే, కరిగిన మెటల్ చల్లటి ఇనుముకి తాకంగనే గడ్డకట్టి పొరలు పొరలుగ వచ్చింది, గోరుతో పట్టి లాగితే ఒక పొర లేచి వచ్చేసింది. మళ్ళ మొత్తం తీసేసి రెండోసారి చేసినప్పుడు వీడియో తీసిన, ఇగో దగ్గరగా చూడండి. ముందు గిన్నెనీ షాఫ్ట్‌నీ బ్లో ల్యాంపుతో వేడి చేసిన, తడి అనేది ఒక్క చుక్క ఉండొద్దు, తడి తాకితే కరిగిన మెటల్ మొఖం మీదికి ఎగురుతది, కండ్లకి అద్దాలు, తోలు చేతొడుగులు, నిండు చేతుల బట్టలు, ఇవి లేకుండా దయచేసి చెయ్యకండి. షాఫ్ట్‌కి దీపం మసి పట్టించిన, మసి ఉంటే మెటల్ షాఫ్ట్‌కి అతుక్కోదు. రెండు చివరలా సందులు మట్టితో మూసిన, ఆ మట్టి కూడా ఎండిపోయేదాకా ఆగిన. మెటల్ ఎంత వేడైందో చూడనీకి ఎండు పుల్ల ముంచాలె, పుల్ల గోధుమ రంగై మాడాలె గాని భగ్గున అంటుకోవద్దు. ఇగో, ఇక్కడ పుల్ల మాడుతుంది చూడండి, ఇప్పుడు పొయ్యాలె, మధ్యల ఆగకుండా ఒక్క ధారల.

చల్లారినంక షాఫ్ట్‌కి నీలం రంగు రాసి బేరింగ్‌ల పెట్టి తిప్పితే ఎక్కడ ఎత్తుందో అక్కడ నీలం అంటుతది, అక్కడ మాత్రమే స్క్రేపర్‌తో గీకాలె, మళ్ళ రాయాలె, మళ్ళ గీకాలె. రెండు బేరింగులకి కలిపి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. మొదట్ల నీలం రెండు మూడు చుక్కలే పడేది, చివరికి మొత్తం మీద సన్నగ సమానంగ పరుచుకుంది, ఆ రోజు నాకు కలిగిన సంతోషం నిజంగ చెప్పలేను. తర్వాత నూనె గాడులు కోసిన, పైన నూనె గిన్నెలు పెట్టిన. ఇంకో మాట, దీంట్ల గ్రీజు కాదు నూనె, మొదలుపెట్టే ముందు ప్రతిసారి గిన్నెలు చూసుకోవాలె.

షాఫ్ట్ విషయంల ఒక దెబ్బ తిన్న. రంపాన్ని బిగించే కాలర్ మొఖం సాపు చెయ్యమని ఒక లేత్ షాపుకి ఇచ్చిన, పేరు చెప్పను, వాళ్ళు షాఫ్ట్ సెంటర్ సరిగ్గ పట్టకుండ కోసి ఇచ్చిన్రు. వంకర కొలిచే డయల్ గేజీ పెట్టి చూస్తే కాలర్ అంచుల మి.మీ.ల పదో వంతు వంకర. పదో వంతే కదా అనిపిస్తది. కాని కాలర్ 5 అంగుళాలు, రంపం 24 అంగుళాలు, అక్కడ పదో వంతు అంటే రంపం అంచుల దగ్గర దగ్గర అర మి.మీ. ఊగుతది. మళ్ళ వేరే దగ్గర, నేను పక్కన నిలబడి చేయించిన.

ఇగ రంపం బిళ్ళ. దీనికి పగుళ్ళు ఉన్నయా లేదా అన్నది మొదట చూడాలె. రాడ్‌కి వేలాడేసి చిన్న కట్టెతో కొడితే గుడి గంట లెక్క మోగాలె, మొద్దుగ మోగితే పక్కన పడేయాలె, పళ్ళ మొదట్ల సందుల్ల సన్న పగులు ఉంటది, కండ్లకి కనపడదు. మాది మోగింది. కాని పళ్ళు మొద్దుబారినయి, బిళ్ళ మధ్యల కొంచెం వంగింది. గుండ్రటి రంపాలకి సుత్తె దెబ్బలు వేసే ఒక చాచా దగ్గరికి తీస్కపోయిన. ఆయన రంపాన్ని చూడకముందే అడిగిన మొదటి మాట, ఎన్ని ఆర్‌పీఎం మీద తిప్పుతవు బేటా అని. నాకు అప్పుడు అర్థం కాలే. తర్వాత చెప్పిండు, రంపం జోరుగ తిరిగితే అంచు సాగుతది, మధ్య భాగం అట్లనే ఉంటది, అప్పుడు అంచు వదులై పాము లెక్క ఊగుతది. అందుకని మధ్యల ముందే సుత్తెతో కొట్టి కొంచెం వదులు చేస్తరు, స్పీడ్ అందుకున్నంక రెండూ సమానమై బిళ్ళ నిటారుగ నిలబడతది. ఎంత స్పీడ్‌కి అంత వదులు. బిళ్ళ మీద తిన్నటి ఇనుప పట్టీ అడ్డం పెట్టి కింద వెలుతురు చూస్తూ, ఒక్కో దెబ్బకీ ఆగి మళ్ళ చూస్తూ, రెండు గంటలు కూర్చున్నడు. ఈ పని తెలిసినోళ్ళు మన సిటీల చాలా తక్కువైపోయిన్రు, మీకు ఎవరన్నా తెలిస్తే వాళ్ళ పని దయచేసి వీడియో తీసి పెట్టుకోండి.

స్పీడ్ లెక్క కూడా చెప్తా. ఇంజన్ పుల్లీ 14 అంగుళాలు, స్పిండిల్ పుల్లీ 6, ఇంజన్ 650 తిరిగితే లెక్క ప్రకారం 1,516 రావాలె, పట్టా కొంచెం జారుతది కాబట్టి చుట్లు లెక్కపెట్టే నా టాకోమీటర్‌ల 1,480 వచ్చింది. 24 అంగుళాల బిళ్ళ ఆ స్పీడ్‌ల తిరిగితే పళ్ళు సెకనుకి 47 మీటర్లు పోతయి, అంటే గంటకి 170 కిలోమీటర్లు. స్పిండిల్ పుల్లీ చిన్నదేస్తే ఇంకా జోరుగ కోస్తది కదా అని ఎవరన్నా అంటే వినకండి, చాచా బిళ్ళని వదులు చేసింది ఈ స్పీడ్‌కే.

మా పెద్దనాయినకి ఎడమ చేతి రెండు వేళ్ళు సగమే ఉండేవి. ఈ మిషన్ మీదనే. చిన్నప్పుడు ఆ చెయ్యి పట్టుకునే నేను అడ్డకి పోయేటోణ్ణి. అసలు మిషన్‌కి రంపం మీద మూత లేదు, వెనక చీలిక పట్టీ లేదు. ఒరిజినల్ ఎట్లుందో అట్లనే ఉంచాలె అని కొందరు మెసేజ్‌లు పెట్టిన్రు, వాళ్ళ మీద గౌరవం ఉంది కాని ఈ ఒక్క విషయంల నేను వినలే. నిలువుగ కోసేటప్పుడు మొద్దు లోపల బిగువు వల్ల కోసిన గాడి వెనక మూసుకుంటది, మూసుకుని రంపం వెనక పళ్ళని పట్టుకుంటది, ఆ పళ్ళు పైకి లేస్తూ మన దిక్కు తిరుగుతయి కాబట్టి మొద్దుని ఎత్తి మన కడుపుల కొడతది. ఆ గాడిని మూసుకోనియ్యకుండ పట్టేదే ఈ చీలిక పట్టీ. నా బిళ్ళ మందం 3.2 మి.మీ., పళ్ళు అటిటు వంచినంక గాడి 4.4 వస్తుంది, పట్టీ 4 మి.మీ. ప్లేటుతో కోసిన, బిళ్ళ కంటే మందం, గాడి కంటే సన్నం. రంపం వెనక వంపుకి తగ్గట్టు గీసి కోసి, 10 మి.మీ. దూరంల బిగించిన. పైన మూత, టేబులు కింద జాలి, పట్టాకి కూడా జాలి.

ఇగ పనితనం. వేప మొద్దు, మొన్న గాలివానకి మా కాలనీల పడిన చెట్టుది, 7 అంగుళాల మందం, మీటరు పొడవు. చూసిన్రు కదా, ఇంజన్ సౌండ్ కొంచెం దిగింది కాని ఆగలే, కోత మొఖం ఎంత సాపుగ ఉందో చెయ్యి పెట్టి చూపిస్తున్న, పళ్ళ గీతలు సన్నగ సమానంగ ఉన్నయి, ఎక్కడా కాలిన నల్ల మరక లేదు. గంట నడిపినంక బేరింగ్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగ ఉంది. పట్టా పుల్లీ మధ్యల నుంచి కదలలే, పుల్లీ నడుమ కొంచెం ఉబ్బెత్తుగ ఉంటది, పట్టా తనంతట తనే ఎత్తు మీదికి ఎక్కుతది, కాని ట్రాలీ లెవెల్ లేకపోతే అది కూడా కాపాడదు, అందుకే నాలుగు మూలలా జాకీలు దించి, చక్రాలకి అడ్డం పెట్టినంకనే స్టార్ట్ చెయ్యాలె.

లోపాలు ఉన్నయి. 8 అంగుళాల కంటే మందం మొద్దు ఒక్కసారిల కోయదు. చప్పుడు మస్తు, చెవులకి మఫ్ లేకుండ నిలబడలేం. పొట్టు మొత్తం కాళ్ళ మీద పడుతుంది, దానికి డబ్బా చెయ్యాలె. పెద్దది ఏందంటే అడ్డకోతకి ఇది ఇప్పుడు పనికిరాదు. నిలువు కోతకి పళ్ళు ఉలి లెక్క ఉంటయి, అడ్డకోతకి కత్తి మొన లెక్క ఉండాలె, ఆ బిళ్ళ వేరే, పైగా గుండ్రటి మొద్దు టేబులు మీద పెట్టి అడ్డం కోస్తే దొర్లుతది, దాన్ని పట్టుకునే ఊయల లాంటి స్టాండు పాతది పోయింది. అది చేసేదాకా అడ్డకోత ముట్టను.

ఖర్చు అడుగుతరు కాబట్టి, నా కష్టం వదిలేస్తే 60 వేలు దాటింది, దాంట్ల టైర్లు, ఇంజన్ స్పేర్లే సగం. పైసలు మిగుల్చుకోనీకి అయితే ఇది కొనకండి. ఇంకోటి, ఇది నా ఇష్టానికి చేసుకున్నది, దీంతోని వ్యాపారం పెడదామంటే సా మిల్లుకి ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ లైసెన్స్ కావాలె, చెట్టు కొట్టాలంటే వాల్టా చట్టం, అదే నీళ్ళు, భూమి, చెట్ల కోసం తెచ్చిన 2002ది, దాని కింద పర్మిషన్ కావాలె, ముందు అవి కనుక్కోండి.

ఇగ ఆపి చూపిస్తా. ఈ కడ్డీ లాగితే పట్టా పక్కనున్న లూజ్ పుల్లీ, అంటే షాఫ్ట్‌ని తిప్పకుండ ఊరికే తిరిగే పుల్లీ, మీదికి జరుగుతది, ఇంజన్ నడుస్తనే ఉంటది, రంపానికి మాత్రం జోరు అందదు. కాని రంపం ఎంబడే ఆగదు, బ్రేక్ లేదు, షెడ్డుకి తెచ్చిన రోజు ఇది చేతితో కూడా తిరగలే అని చెప్పిన కదా, ఇప్పుడు చూడండి, లాగుతున్న, నేను మాట్లాడను, మీరు లెక్కపెట్టండి, నాకు 52 సెకన్లు వచ్చింది, అది పూర్తిగ నిలబడేదాకా నా చేతులు ఇగో ఇట్ల వెనకనే ఉంటయి.