పడకెక్కితేనే పనికొచ్చే కార్డు

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, విశ్రాంత ఉద్యోగ మిత్రులకు నమస్కారం. ఆరోగ్య బీమాలో రావాల్సిన మార్పుల గురించి మాట్లాడమన్నారు. ఇన్సూరెన్స్ కంపెనీల సంగతి తర్వాత మాట్లాడేవారు చెబుతారు. నేను ప్రభుత్వాసుపత్రిలో మందుల కౌంటర్ దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది మాత్రల సంగతి, అదే చెబుతాను.

2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవాల్సిన రోజులవి. తెల్లకార్డు ఉన్నవాళ్లు కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కి, బతికి ఇంటికొచ్చారు. ఆ మేలు చిన్నది కాదు. అప్పట్లో చికిత్స ఖర్చు పరిమితి కుటుంబానికి ఏడాదికి 2 లక్షలు. 2023 డిసెంబరులో తెలంగాణ 10 లక్షలు చేసింది, మన ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు చేసింది. పేర్లు మారాయి, అంకెలు పెరిగాయి. రోజూ వేసుకోవాల్సిన బీపీ బిళ్ల మాత్రం ఆ కార్డు మీద రాదు. కొన్ని ఆపరేషన్ల తర్వాత ఫాలోఅప్ మందులు ఇస్తారు, అదీ ఆపరేషన్ దాకా వెళ్తేనే.

మా కౌంటర్‌కి ఒకావిడ వచ్చేది. మిరపకోతలకు వెళ్లే మనిషి. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. మేం ఇచ్చే మాత్రలు పదిహేను రోజులకు కూడా సరిపోయేవి కావు. మళ్లీ రావాలంటే ఆ రోజు కూలి పోతుంది, ఆటో చార్జీలు అదనం. తీరా వస్తే, "స్టాక్ లేదమ్మా, వచ్చే వారం రా" అనేవాళ్లం. మందులు కావాలని పైకి ఇండెంట్ పెట్టి ఎదురుచూడటమే మా పని.

అందుకని ఊళ్లో మెడికల్ షాపులో కొనుక్కునేది. స్ట్రిప్ మొత్తం కాదు, నాలుగు బిళ్లలు. షాపతను కత్తెరతో కత్తిరించి ఇచ్చేవాడు. మందు పేరు ఒక ముక్కలో ఉండేది, ఎక్స్‌పైరీ తేదీ ఇంకో ముక్కతో షాపులోనే ఉండిపోయేది. ఆ ముక్కల్ని కొంగున ముడేసుకుని తెచ్చి, "ఇవి బీపీవా, షుగర్‌వా బాబూ?" అని అడిగేది. తల తిరిగితే వేసుకోవడం, తగ్గితే ఆపేయడం.

ఒకసారి కార్డు కిటికీలోంచి లోపలికి పెట్టి, "దీని మీద బిళ్లలు ఇయ్యరా?" అంది.

"ఇవ్వరమ్మా, అడ్మిట్ అయితేనే పనికొస్తుంది."

"అంటే పడకెక్కాలా?"

ఎక్కింది. కిడ్నీలు పాడయ్యాయి. అప్పుడు అదే కార్డు మీద, వారం వారం డయాలసిస్ చేశారు. దానికి డబ్బులు ఉన్నాయి. అంతకుముందు బిళ్లలకే లేవు. ఇది ఏం లెక్కండీ?

ఈ హాల్లో బీపీకో షుగర్‌కో మాత్ర వేసుకునేవాళ్లు ఒక్కసారి చేతులెత్తండి. చూడండి, ఎత్తనివాళ్లు ఎంతమంది? మనకు నెల తిరిగేసరికి పెన్షన్ పడుతుంది, స్ట్రిప్ మొత్తం కొనుక్కుంటాం. కోతకు పోయేవాళ్ల మాటేమిటి?

చేయలేని పనేం కాదు. తమిళనాడు 2021 నుంచి బీపీ, షుగర్ మందుల్ని ఇంటి గుమ్మం దగ్గరికే పంపుతోంది. రాజస్థాన్‌లో 2011 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో ఉచిత మందుల పథకం నడుస్తోంది. అంతెందుకు, మన 104 వాహనం నెలకోసారి ఊరికి వచ్చి పరీక్ష చేసి బిళ్లలు ఇచ్చేది కదా. అది వచ్చే రోజు ముసలివాళ్లు పొద్దున్నే రచ్చబండ దగ్గర కూర్చునేవారు. వాహనం వస్తే సరిపోదు, అందులో నెలకు సరిపడా మందుండాలి.

అధ్యక్షుల వారు చీటీ పంపారు. ముగిస్తాను. అసలు మాట మిగిలే ఉంది.

మన తీర్మానం కాపీ చూశాను. మొదటి వాక్యమే "పరిమితిని మరింత పెంచాలి" అని ఉంది. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని, ఈ కార్డు మీద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. ఉన్న పరిమితికే బిల్లులు కట్టలేనప్పుడు పెంచి ఏం లాభం? ఆ వాక్యం కొట్టేయండి. బీపీ, షుగర్, ఫిట్స్, థైరాయిడ్ మాత్రలు నెలకు సరిపడా ఊళ్లోనే ఇవ్వాలని, ఆసుపత్రిలో స్టాక్ లేని రోజున అదే కార్డు చూపించి బయట మెడికల్ షాపులో తీసుకునే వీలుండాలని, ఆ బిల్లు ప్రభుత్వమే కట్టాలని రాయండి. కార్యదర్శిగారూ, కలెక్టరుకు పంపేలోపు కాదు, ఇప్పుడే, అందరి ముందే దిద్దండి.