రాత్రి మళ్ళీ ఎవరు చూశారు?

అందరికీ నమస్కారం.

ఒక కేసు షీటు గురించి చెప్పి మొదలుపెడతాను. కారు ప్రమాదంలో మోకాలి కింద ఎముక విరిగిన ఒక యువకుడిది. సాయంత్రం ఆస్పత్రికి తెచ్చారు. ఎక్స్‌రే తీశారు, ఎముకను సరిగ్గా కూర్చి తొడ దాకా పిండికట్టు వేశారు. అంతవరకూ వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ తర్వాత నర్సులు రాసిన పట్టిక మొదలవుతుంది. రాత్రి 10 గంటలకు: ‘నొప్పి అంటున్నాడు, ఇంజెక్షన్ ఇచ్చాం.’ 12 గంటలకు అదే మాట. 2 గంటలకూ అదే మాట, మందు మోతాదు మాత్రం పెరిగింది. 4 గంటలకు: ‘అరుస్తున్నాడు, సహకరించడం లేదు.’ ఉదయం 9 గంటలకు డాక్టరు వచ్చి కట్టు కోయించేసరికి ఆ కాలివేళ్ళు కదలడం మానేశాయి.

వాళ్ళ అమ్మ కాగితాల సంచి నా బల్ల మీద పెట్టి మొదట అడిగిన మాట, ‘కట్టు సరిగా వెయ్యలేదా డాక్టరు గారూ?’ అని. కట్టు బాగానే వేశారమ్మా, రాత్రంతా దాన్ని విప్పి చూసినవాళ్ళే లేరు అని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

నేను ఎముకల డాక్టరును. ఇలాంటి కేసు షీట్లు చదివి, ఏం జరిగిందో కుటుంబాలకు విడమరిచి చెప్పే పని కూడా కొన్నేళ్ళుగా చేస్తున్నాను. చదివినకొద్దీ ఒక అభిప్రాయం నాలో బలపడింది. ప్రమాదంలో గాయపడినవాళ్ళ విషయంలో నిర్లక్ష్యాన్ని అందరూ ఆపరేషన్ గదిలో వెతుకుతారు. నాకు అది ఎక్కువగా కనిపించింది వార్డులో. మొదటి హడావిడి అణిగి, మనిషిని మంచం మీద పడుకోబెట్టాక, మళ్ళీ వచ్చి చూడాల్సినవాళ్ళు రాని గంటల్లో.

ఆ యువకుడికి వచ్చినదాన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. మన కాలి కండరాలు సాగని గట్టి పొరల లోపల బిగించి ఉంటాయి. ఎముక విరిగినప్పుడు లోపల రక్తం చేరి, వాపు పెరుగుతుంది. పొర సాగదు కాబట్టి ఒత్తిడి పెరిగి కండరానికి రక్తం అందదు. అలా సుమారు 6 గంటలు గడిస్తే కండరం, నరం కోలుకోలేని స్థితికి పోవచ్చు. దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. విరిగిన ఎముకకు ఉండాల్సిన నొప్పి కంటే ఎక్కువ నొప్పి, మందు ఇచ్చినా తగ్గని నొప్పి, కాలివేళ్ళను మనం మెల్లగా వంచితే ప్రాణం పోయినంత నొప్పి. పాదంలో నాడి కొట్టుకుంటూనే ఉండవచ్చు. అందుకే ‘నాడి అందుతోంది, భయం లేదు’ అని రాసి వెళ్ళిపోవడం చాలదు. ముందు కట్టును చర్మం కనిపించేదాకా చీల్చాలి. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్ చేసి ఆ పొరలను తెరవాలి.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఆ జబ్బు రావడం ఎవరి తప్పూ కాదు. ఎంత మంచి డాక్టరు కట్టు వేసినా రావచ్చు. నొప్పి మందు మోతాదు పెంచుతూ పోయి, ఎందుకు పెంచాల్సి వస్తోందని ఆరు గంటల పాటు ఎవరూ అడగకపోవడం తప్పు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా అర్థమైతే వైద్య నిర్లక్ష్యం గురించి సగం తెలిసినట్టే.

ఫలితం చెడినంత మాత్రాన నిర్లక్ష్యం జరిగినట్టు కాదు. చట్టం కూడా ఇదే అంటుంది. 1957లో ఇంగ్లండులో బోలమ్ అనే రోగి కేసులో జడ్జి జ్యూరీకి ఒక కొలమానం చెప్పారు. ఆ విద్యలో బాధ్యత కలిగిన వైద్యులు సరైనదని ఒప్పుకునే పద్ధతిలో నడుచుకున్న డాక్టరు, వేరే పద్ధతి మంచిదనేవాళ్ళు ఉన్నా సరే, నిర్లక్ష్యం చేసినట్టు కాదని దాని సారం. నలభై ఏళ్ళ తర్వాత, 1997లో బొలిథో కేసులో దానికి ఒక ముడి పడింది. నలుగురు డాక్టర్లు వచ్చి ‘మేమూ అలాగే చేస్తాం’ అంటే సరిపోదు, ఆ చేసేదానికి తర్కానికి నిలిచే కారణం ఉండాలి. చాలా దేశాల కోర్టులు ఈ మాటలను కొద్దో గొప్పో మార్చి వాడుకుంటున్నాయి.

కోర్టులో నిర్లక్ష్యం రుజువు కావాలంటే తేలాల్సినవి ఇవి: మిమ్మల్ని చూసుకునే బాధ్యత ఆ డాక్టరుకో ఆస్పత్రికో ఉండాలి, ఆ బాధ్యతలో లోటు జరగాలి, మీకు నష్టం కలగాలి, ఆ నష్టం ఆ లోటు వల్లే కలగాలి. కారు ప్రమాదాల్లో చివరిదాని దగ్గరే కాలు జారుతుంది. మనిషి ఆస్పత్రికి వచ్చేటప్పటికే దెబ్బలతో వస్తాడు కదా. ‘ప్రమాదమే అంత పెద్దది, మేమేం చేస్తాం’ అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చాలాసార్లు అది నిజం కూడా. అందుకని మనం వేసుకోవాల్సిన ప్రశ్న వేరు: తలుపు దగ్గరికి వచ్చినప్పుడు ఏం పోయి ఉంది, లోపలికి వచ్చాక ఏం పోయింది? ఆ యువకుడు సాయంత్రం 6 గంటలకు కాలివేళ్ళు కదిపాడని అత్యవసర విభాగం కాగితంలో రాసి ఉంది. ఒక్క పంక్తి. ఆ పంక్తి లేకపోతే వాళ్ళ అమ్మ దగ్గర చూపించడానికి ఏమీ ఉండేది కాదు.

ప్రమాద బాధితులను చూసే పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. 1976లో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు తన కుటుంబంతో చిన్న విమానంలో వెళుతుండగా అది అమెరికాలోని నెబ్రాస్కా పొలాల్లో కూలిపోయింది. భార్య అక్కడే చనిపోయింది. గాయపడిన నలుగురు పిల్లలతో ఆయన దగ్గర్లోని చిన్న ఆస్పత్రికి చేరాడు. అక్కడ దొరికిన వైద్యం కంటే పొలంలో ఉత్త చేతులతో తాను చేసిందే మెరుగ్గా ఉందని ఆయనకు అనిపించింది. ఆ బాధలోంచి ఆయన, తోటి వైద్యులు కలిసి 1978లో ఒక శిక్షణ మొదలుపెట్టారు. ప్రపంచమంతటా డాక్టర్లు దశాబ్దాల పాటు నేర్చుకున్న వరస అదే: ముందు శ్వాసమార్గం, మెడ కదలకుండా చూడడం, తర్వాత ఊపిరి, తర్వాత రక్తస్రావం, తర్వాత మెదడు, ఆ తర్వాతే మిగతా దెబ్బలు. భయంకరంగా కనిపించే విరిగిన చెయ్యి ముందు కాదు, కనిపించకుండా చంపేది ముందు. రోగి పరిస్థితి మారిన ప్రతిసారీ మళ్ళీ మొదటి నుంచి చూడాలన్నది కూడా ఆ శిక్షణలో భాగమే. కాబట్టి ‘అప్పట్లో ఎవరికీ తెలియదు’ అనే మాట ఇక్కడ చెల్లదు. దాదాపు యాభై ఏళ్ళుగా తెలుసు.

తల సంగతికి వస్తాను. తలకు దెబ్బ తగిలిన మనిషి స్పృహ తప్పి, లేచి, మామూలుగా మాట్లాడి, కొన్ని గంటల తర్వాత మళ్ళీ మత్తులోకి జారిపోవచ్చు. పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరుతున్నప్పుడు ఇలా జరుగుతుంది. ఆ మధ్యలో బాగున్నట్టు కనిపించే గంటలు ఇంట్లోవాళ్ళనూ డాక్టర్లనూ కూడా మోసం చేస్తాయి. 1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు స్పృహను అంకెల్లో కొలిచే పట్టిక తయారుచేశారు. కళ్ళు తెరవడం, మాట, కదలిక కలిపి 3 నుంచి 15 వరకు. 15 వచ్చిందంటే పూర్తి స్పృహ. ఒక్కసారి కొలిచి వదిలేస్తే దీని బలం తెలియదు. రాత్రి 8 గంటలకు 15 ఉన్నది 10 గంటలకు 13 అయిందంటే అది పిలుపు. ఆ పిలుపు విని కనుపాపలను చూశారా, సీటీ స్కాన్‌కు పంపారా, పెద్ద డాక్టరుకు ఫోను చేశారా? మద్యం వాసన వస్తోందని ‘తాగి పడుకున్నాడు’ అని రాసి వదిలేసిన కాగితాలు చదివినప్పుడు నాకు చెయ్యి వణికింది. తాగినవాడి తల కూడా పగులుతుంది. రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్ళ విషయంలో చిన్న దెబ్బ కూడా చిన్నది కాదు. ఏ మందులు వాడుతున్నారని అడిగినట్టు కాగితంలో ఉండి తీరాలి.

పొట్ట కూడా ఇలాంటిదే. సీటు బెల్టు ప్రాణం కాపాడుతుంది, అందులో సందేహం లేదు. కానీ పొట్ట మీద అడ్డంగా బెల్టు కమిలిన గుర్తు ఉంటే లోపల పేగుకు దెబ్బ తగిలి ఉండవచ్చని డాక్టరుకు అనుమానం రావాలి. పేగు చిల్లు మొదటి స్కాన్‌లో కనిపించకపోవచ్చు. పొట్టలో ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం కొన్ని రోజుల తర్వాత కూడా పగలవచ్చు. స్కాన్ బాగుందని ఆ రాత్రే ఇంటికి పంపేసి, నొప్పి పెరిగితే రావాలని నోటితో కూడా చెప్పకపోతే, ఆ స్కాన్ కాగితం వాళ్ళను కాపాడదు.

ఎముకల్లో దొరకకుండా పోయేవి చాలా ఉన్నాయి. బొటనవేలి మొదట్లో, మణికట్టులో ఉండే చిన్న ఎముక విరుగు మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవడం సహజం. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే కట్టు వేసి, పది, పద్నాలుగు రోజుల్లో మళ్ళీ తీస్తారు. మోకాలు డాష్‌బోర్డుకు కొట్టుకున్నవాళ్ళకు తుంటి కీలు జారి ఉండవచ్చు. తొడ ఎముక మధ్యలో విరిగితే తుంటి దగ్గర దాని పై కొస (దాన్ని ఎముక మెడ అంటాం) కూడా చీలి ఉండవచ్చు, పెద్ద విరుగు చూసిన కన్ను చిన్నదాన్ని వదిలేస్తుంది. ఇది మనిషికి ఉన్న బలహీనత అని తెలుసు కాబట్టే, ప్రాణాపాయం తప్పిన తర్వాత, సాధారణంగా ఒక రోజు లోపల, తల నుంచి పాదం దాకా మళ్ళీ తడిమి చూడాలి, స్కాన్లన్నీ మళ్ళీ చదవాలి. మొదటి రాత్రి చిన్న విరుగు కనిపించలేదంటే నేను ఆ డాక్టరు పక్షాన నిలబడతాను. మూడు వారాల పాటు రోగి ‘ఇక్కడ నొప్పి’ అని వేలు పెట్టి చూపిస్తుంటే చొక్కా చెయ్యి కూడా పైకి లాగి చూడకపోతే నిలబడను.

కడుపులో గాజుగుడ్డ మరిచిపోవడం, ఒక కాలికి బదులు ఇంకో కాలికి ఆపరేషన్ చేయడం వంటి వాటి గురించి ఎక్కువ చెప్పను. వాటిని గుర్తుపట్టడానికి నా అవసరం లేదు.

మీరేం చేయాలి? మొట్టమొదట, అనుమానం వచ్చిన రోజున ఫిర్యాదు గురించి కాదు, చికిత్స గురించి ఆలోచించండి. వేరే డాక్టరుకు చూపించండి. పోతున్న కాలు కోర్టు తీర్పు కోసం ఆగదు. తర్వాత, చూసుకున్న డాక్టరునే నేరుగా అడగండి. చాలామంది నిజాయితీగా చెబుతారు. అడ్డుతిరిగి తిట్టడం, చెయ్యి చేసుకోవడం ఎంతమాత్రం వద్దు. అది తప్పు, పైగా మీ పక్షాన ఉన్న నిజం కూడా దాని కింద పడి నలిగిపోతుంది.

పూర్తి కేసు షీటు కావాలని రాతపూర్వకంగా అడగండి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటి తీసుకుని రాకండి, అందులో రాత్రి ఉండదు. నర్సుల పట్టిక, మందుల పట్టిక, డాక్టర్ల రోజువారీ నోట్సు, సంతకం పెట్టిన అంగీకార పత్రాలు, స్కాన్ రిపోర్టులతో పాటు అసలు స్కాన్లు కూడా తీసుకోండి. వాపు వచ్చిన చోట తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి. మంచం పక్కన కూర్చున్నవాళ్ళు ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ఏ టైముకు ఎవరిని పిలిచారో, ఎవరు వచ్చారో రాసుకోండి. ప్రమాదం తాలూకు పరిహారం కాగితాల మీద సంతకం పెట్టే ముందు, ఇతరుల మీద మీకున్న హక్కును కూడా వదులుకుంటున్నట్టు అందులో రాసి ఉందేమో లాయరుతో చదివించండి. కేసు వేయడానికి దాదాపు ప్రతి దేశంలోనూ గడువు ఉంటుంది, అది ఒక్కో చోట ఒక్కో రకం. ‘కోలుకున్నాక చూద్దాం’ అని దాన్ని పోగొట్టుకున్నవాళ్ళను చూశాను.

కేసు షీటు చేతికి వచ్చాక చదవడం రాదని భయపడకండి. మందుల పేర్లు అర్థం కానక్కర్లేదు. టైము చూడండి. రెండు రాతల మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. రాత్రంతా ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో, నాలుగు గంటలకొకసారి ఒకే అంకెలు పడి ఉంటే ఆగి చూడండి. బీపీ, నాడి, ఊపిరి మూడూ నాలుగుసార్లూ అచ్చంగా ఒకేలా ఉండే మనిషిని నేనింతవరకూ చూడలేదు. తర్వాత చేర్చిన రాత అయితే, ఏ రోజు చేర్చారో పక్కన రాయడం నిజాయితీ.

ఇవాళ కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు కొందరు ముందు వరసలో ఉన్నారు. ఒక్కొక్కరితో కూర్చుంటాను. సంచిలోంచి మొదటి రాత్రి నర్సులు రాసిన పేజీ తీసి పైన పెట్టుకోండి. అక్కడి నుంచి చదువుదాం.