దెయ్యం సినిమాల ర్యాంకింగ్ గూగుల్ షీట్‌లో చేసుకోవడం ఎలా

హాయ్ అండీ. స్క్రీన్ కనిపిస్తోంది కదా? ఖాళీ గూగుల్ షీట్. ఇందులో ఇవాళ దెయ్యం సినిమాల ర్యాంకింగ్ చేద్దాం. నా టాప్ టెన్ చెప్పను, కంగారు పడకండి. మీ గ్యాంగ్ మొత్తం కలిసి ఓ లిస్టు వేసుకుంటే ఎలా అన్నదే ఈ వీడియో. శనివారం రాత్రి ఫ్లాట్‌లో బిర్యానీ అయిపోయాక 'అరుంధతి' గొప్పదా, 'మసూద' గొప్పదా అని మొదలవుతుంది చూడండి, ఆ రచ్చకి ఒక లెక్క కడదాం.

మేముండేది బెంగళూరు, మారతహళ్లి. ఎనిమిది మందిమి. నలుగురం తెలుగు, ఇద్దరు కన్నడ, ఒక చెన్నై అబ్బాయి, ఒక మలయాళీ అమ్మాయి. ఈ కలగూరగంప వల్లే లెక్క అవసరమైంది. అందరం ఒకే భాష వాళ్లమైతే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల సినిమానే ఫస్టు, అక్కడితో సరి.

ముందు ఒక మాట. పదికి ఎన్ని మార్కులు అని మాత్రం అడగకండి. ఒకడు చూసిన ప్రతిదానికీ తొమ్మిది వేస్తాడు. ఇంకొకడు తనకి ప్రాణమైన సినిమాకి కూడా ఆరున్నర దాటడు. ఈ రెండూ కలిపి సగటు తీస్తే వచ్చేది సినిమా ర్యాంకు కాదు, ఎవరి చేయి ఎంత ఉదారమో తెలుస్తుంది అంతే. అందుకని మార్కులు వద్దు, వరుస అడుగుదాం. ఇది ఒకటి, ఇది రెండు, ఇది మూడు. అంతే.

సరే, మొదటిది లిస్టు. మేం పన్నెండు పెట్టుకున్నాం. స్క్రీన్ మీద చూడండి. 'రాత్రి', 1992. 'మణిచిత్రతాళు', 1993. 'దెయ్యం', 1996. 'అరుంధతి', 2009. 'పిజ్జా', 2012. 'తుంబాడ్', 2018. 'మసూద', 2022. 'విరూపాక్ష', 2023. 'భ్రమయుగం', 2024. బయటివి మూడు: 'ఎగ్జార్సిస్ట్', జపాన్ 'రింగు', 'హెరెడిటరీ'. రామ్‌గోపాల్ వర్మవి రెండు ఎందుకు అని అడుగుతారు, తెలుసు. మా తెలుగు బ్యాచ్‌లో ఇద్దరు 'రాత్రి' అంటారు, ఇద్దరు 'దెయ్యం' అంటారు. తెగలేదు. రెండూ పెట్టేశాం.

పన్నెండు దాటనివ్వకండి. ఒక్కో సినిమానీ మిగతా ఒక్కోదానితో పోల్చి చూస్తాం కాబట్టి, పన్నెండు సినిమాలంటే జంటలు అరవై ఆరు. పదహారుకి వెళ్తే నూట ఇరవై. వాట్సాప్‌లో పేర్లు పంపించుకుని ఉంటారు కదా, వాటిని తెచ్చి షీట్‌లో పెట్టేటప్పుడు కంట్రోల్ షిఫ్ట్ వి వాడండి. మామూలు కంట్రోల్ వి అయితే అక్కడి ఫాంట్లూ రంగులూ కూడా మోసుకొస్తుంది. నాకు చిరాకు.

ఇప్పుడు రీమేకులు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే బెంగళూరులో ఈ గొడవ రాకుండా ఉండదు. నేను 'చంద్రముఖి' అన్నాను. కన్నడ ఫ్రెండ్ వెంటనే, అది మా 'ఆప్తమిత్ర' కదా అన్నాడు. నిజమే. 'ఆప్తమిత్ర' 2004, 'చంద్రముఖి' 2005, రెండింటికీ దర్శకుడు పి. వాసు. పైగా 'ఆప్తమిత్ర'లో గంగగా చేసింది మన సౌందర్య. 2004 ఏప్రిల్‌లో ఇక్కడే జక్కూరు దగ్గర విమాన ప్రమాదంలో పోయింది, సినిమా ఆ తర్వాత విడుదలైంది. ఆ సినిమా పేరెత్తితే ఇక్కడివాళ్లు ఒక్క క్షణం మెత్తబడతారు. ఇంతలో మలయాళీ అమ్మాయి, ఇవన్నీ మా ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళు' పిల్లలే అంది. శోభనకి ఆ పాత్రకే ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది. ఆ మాట తర్వాత ఇంకెవరూ నోరెత్తలేదు.

కానీ నాకు నచ్చే సంగతి వేరే. ఈ కథలో గంగకి పట్టే దెయ్యం ఒక నాట్యకత్తె. మలయాళంలో ఆ నాట్యకత్తె తమిళ అమ్మాయి, తంజావూరు నుంచి వచ్చింది. కన్నడానికి వచ్చేసరికి తెలుగు అమ్మాయి అయింది. తమిళంలోనూ తెలుగే. హిందీ 'భూల్ భులయ్యా'లో బెంగాలీ. అంటే ఎవరి సినిమాలోనైనా దెయ్యం పక్కింటి భాషే మాట్లాడుతుంది! మన ఇంటి పిల్ల నోట్లోంచి ఉన్నట్టుండి మనది కాని భాష ఊడిపడుతుంది, భయమంతా అక్కడుంది. ఇది చెప్పగానే మా కన్నడ ఫ్రెండు, 'అందుకే మీ తెలుగువాళ్లతో రాత్రిళ్లు జాగ్రత్తగా ఉంటాను గురూ' అన్నాడు.

సరే, రూల్ ఏంటంటే: కథ ఒకటే అయితే ఒకటే వరుస, మూలం పేరు పెట్టండి, మీరు ఏ భాషలో చూసినా ఆ వరుసలోకే వస్తుంది. అసలు అది దెయ్యం సినిమాయేనా, చివర్లో డాక్టరు వచ్చి మనసు జబ్బు అని చెప్తాడు కదా అని ఎవరో ఒకరు లేస్తారు. కూర్చోబెట్టండి. చూసేటప్పుడు భయపడ్డారా లేదా? భయపడ్డారు. లిస్టులో ఉంటుంది.

కామెడీ హారర్ మేం పక్కన పెట్టేశాం. హిందీ 'స్త్రీ' కూడా. ఇది తీసేయడం నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే కథ పుట్టింది మన బెంగళూరు గోడల మీద. రాత్రిపూట తలుపు తట్టే ఆవిడ కోసం ఇళ్ల మీద 'నాళె బా', అంటే 'రేపు రా' అని రాసేవాళ్లని ఇక్కడి పాతవాళ్లు చెప్పుకునే కథ అది. ఆ సినిమా రాసిన రాజ్, డీకే మన చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లే. అయినా వద్దు. నవ్వినదాన్నీ వణికినదాన్నీ ఒకే వరుసలో పెడితే లెక్క తేలదు.

పదండి, షీట్‌లోకి. ఇది ఈజీ, గబగబా చెప్పేస్తాను. పైన అడ్డంగా సినిమాల పేర్లు. ఎడమవైపు కిందకి మనుషుల పేర్లు. ఒక్కొక్కరూ తమ వరుస నింపాలి. బాగా నచ్చినదానికి 1, తర్వాతదానికి 2, అలా. చూడనిది ఖాళీగా వదిలేయాలి. ఇంకో ట్యాబ్ తెరవండి, అక్కడ అడ్డంగానూ నిలువుగానూ సినిమాల పేర్లే. పేర్ల పక్కన 1 నుంచి 12 దాకా అంకెలు కూడా వేసుకోండి, ఫార్ములాకి పనికొస్తాయి. అయిందా? అయింది.

ఈ రెండో ట్యాబ్‌లో ఏం కావాలంటే, 'అరుంధతి' వరుసలో 'మసూద' కింద గడి ఉంది కదా, ఇదిగో ఇది. 'అరుంధతి'ని 'మసూద' కన్నా పైన పెట్టినవాళ్లు ఎంతమంది అన్న అంకె ఇక్కడ రావాలి. దీనికి సమ్‌ప్రొడక్ట్ అనే ఫంక్షన్ వాడతాం, గళ్లని గుణించి కూడిపెట్టేది. లోపల ఇండెక్స్. ఇండెక్స్‌లో అడ్డ వరుస చోట సున్నా ఇస్తే నిలువు వరుస మొత్తం పట్టుకొస్తుంది. ఆ రెండు నిలువు వరుసల మధ్య 'తక్కువ' గుర్తు. చివర్లో స్టార్ 1, అంటే ఒకటితో గుణకారం, ట్రూలూ ఫాల్స్‌లూ అంకెలుగా మారడానికి. స్క్రీన్ ఆపి రాసుకోండి, నేను మళ్లీ చదవను. ఫార్ములాని లాగినా గడి అడ్రసు మారకుండా పట్టుకునే డాలర్ గుర్తులు చేత్తో కొట్టకండి, ఎఫ్4 నొక్కండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. కిందకి కంట్రోల్ డి, పక్కకి కంట్రోల్ ఆర్. మౌస్‌తో లాగేవాళ్లు లాగండి, నాకు ఓపిక లేదు.

ఇక్కడ ఆగండి. వీడియో మొత్తంలో ఇంకేమీ గుర్తు లేకపోయినా పర్లేదు, ఇది మాత్రం చూడండి. ఫలితం చూస్తే మొదటి స్థానంలో ఏముంది? 'హెరెడిటరీ'. మంచి సినిమానే, ఆరీ ఆస్టర్ తీశాడు, కాదనను. కానీ మా ఎనిమిది మందిలో అది చూసింది ఇద్దరు. ఇద్దరంటే ఇద్దరు! ఆ ఇద్దరిలో ఒకరు 'అరుంధతి' కన్నా పైన పెట్టారు, ఒకరు కింద పెట్టారు. న్యాయంగా ఒకటి ఒకటి రావాలి. షీట్‌లో చూడండి: ఏడు, ఒకటి. మిగతా ఆరు ఓట్లు ఎక్కడివి?

ఖాళీ గళ్లవి. గడి ఖాళీగా ఉంటే, పోల్చేటప్పుడు షీట్ దాన్ని సున్నా అనుకుంటుంది. మన లెక్కలో చిన్న అంకె అంటే పెద్ద ర్యాంకు. ఒకటి కన్నా సున్నా చిన్నది. అంటే, మళ్లీ చెప్తున్నా, ఎవరూ చూడని సినిమా అందరికీ ప్రాణమైన సినిమా మీద గెలిచేస్తుంది. ఎంత తక్కువమంది చూస్తే అంత పైకి పోతుంది. ఎర్రర్ రాదు, ఎర్రగా ఏదీ మెరవదు, పట్టిక నున్నగా కనిపిస్తుంది. పైగా మన గ్యాంగ్‌లో ఎవరో ఒక మేధావి, 'చూశారా, నేను చెప్పలా, ఆ సినిమా రేంజే వేరు' అని కాలరెగరేస్తాడు కూడా.

దీనికి తిరగేసిన సమస్య ఇంకొకటి ఉంది. మావాడొకడు ఖాళీగా వదలకుండా గడిలో 'చూళ్లేదు' అని రాశాడు. అక్షరాలని షీట్ ఏ అంకె కన్నా అయినా పెద్దదిగానే చూస్తుంది. అప్పుడు ఆ సినిమా అన్నిటి చేతిలో ఓడిపోతుంది. అంటే ఏమీ రాయకపోతే గెలుపు, చూళ్లేదని రాస్తే ఓటమి. బాగుందా!

కాబట్టి ఖాళీయా కాదా అని కాకుండా, అంకె ఉందా లేదా అని అడగండి. ఫార్ములా చివర స్టార్ 1 తీసేసి, స్టార్ ఈజ్‌నంబర్ మొదటి సినిమా, స్టార్ ఈజ్‌నంబర్ రెండో సినిమా. రెండూ ఉండాలి. ఒకటే పెట్టి వదిలేస్తే సగం పట్టిక బాగుపడుతుంది, సగం అలాగే ఉంటుంది, ఎక్కడ తేడా కొట్టిందో వెతుక్కోలేక చస్తారు. రెండూ పెట్టండి. ఇప్పుడు చూడండి, 'హెరెడిటరీ' గడి: ఒకటి, ఒకటి. హమ్మయ్య.

రెండూ చూసినవాళ్లు ముగ్గురి కన్నా తక్కువ ఉంటే ఆ గడికి బూడిద రంగు వచ్చేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టి, లెక్కలోంచి తీసేయండి. ఇంకో ట్యాబ్‌లో గెలుపుకి 1, సమానానికి అర, ఓటమికి 0. గెలుపుల మొత్తాన్ని ఆడిన మ్యాచ్‌లతో భాగించండి, అయిపోయింది. అడ్డాన్ని నిలువుగా తిప్పే ట్రాన్స్‌పోజ్ తెలిసినవాళ్లకి ఇది ఒక్క లైను. తెలియనివాళ్లు నా షీట్‌లోంచి తీసుకోండి.

ఇప్పుడు అసలు మజా. మా ఫలితంలో పైన మూడు ఇవి. 'అరుంధతి' 'మసూద' మీద నాలుగు మూడుతో గెలిచింది. 'మసూద' 'తుంబాడ్' మీద నాలుగు రెండు. మరి 'తుంబాడ్'? 'అరుంధతి' మీద నాలుగు రెండు! ఒకదాని తోక ఇంకోటి పట్టుకుని తిరుగుతున్నాయి. మళ్లీ ఫార్ములా చూడకండి, ఫార్ములా కరెక్టే. కోండోర్సే అనే ఫ్రెంచి ఆయన 1785లోనే రాసి పెట్టాడు, ఒక్కొక్కరి ఇష్టాలూ తిన్నగానే ఉన్నా అందరివీ కలిపితే ఇలా మెలిక పడవచ్చని.

మెలిక పడినప్పుడు అన్నిటికన్నా బక్క గెలుపు ఏదో చూడండి. ఇక్కడ నాలుగు మూడు. అంటే వాదన పెట్టుకోవాల్సింది ఆ జంట మీదే. మొత్తం పన్నెండు సినిమాల మీద తెల్లారేదాకా అరుచుకోవద్దు. ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు, ఫోన్‌లో స్టాప్‌వాచ్. 'ఓవర్‌రేటెడ్' అన్న మాట నిషేధం. ఏదో ఒక సీను చెప్పి మాట్లాడాలి. ఎక్కడ చూశారో కూడా చెప్పాలి, ఎందుకంటే 'మసూద' సగం సౌండులోనే ఉంది, దాన్ని ఫోన్ స్పీకర్‌లో చూసినవాడి ఓటు నాకు ఓటే కాదు.

నా వాదన ఇదీ: 'అరుంధతి'లో జేజమ్మ వచ్చాక మనకి ధైర్యం వచ్చేస్తుంది. అనుష్క కత్తి పట్టుకుని నిలబడితే ఇంకెక్కడి భయం, ఈలలే. 'మసూద'లో పక్కింటి కుర్రాడు మనకన్నా పిరికివాడు. తిరువీర్ ఆ పిరికితనాన్ని చివరిదాకా వదల్లేదు. నన్ను కాపాడేవాళ్లు ఎవరూ లేరన్న టెన్షన్ అక్కడుంది.

'అరుంధతి'కి పడ్డ నాలుగో ఓటు మా కన్నడ ఫ్రెండ్‌ది. అతన్ని మారిస్తే మెలిక విడిపోతుంది. రెండు నిమిషాలు ఇచ్చాం. అతను సీను కూడా చెప్పలేదు, 'పశుపతి గొంతు' అన్నాడు. తెరమీద సోనూ సూద్, గొంతు మాత్రం పి. రవిశంకర్‌ది. సాయికుమార్ తమ్ముడు. మనకి 'వదల బొమ్మాళీ' అయితే, ఇక్కడివాళ్లకి అతను కన్నడ సినిమా 'కెంపేగౌడ'లో విలన్ ఆరుముగం. మా ఫ్రెండ్‌కి ఆరుముగం అంటే పిచ్చి. ఆ గొంతు వింటే ఇప్పటికీ చేతిమీద వెంట్రుకలు లేస్తాయట, చెయ్యి చాపి చూపించాడు. నిజంగానే లేచాయి. దానికి నేనేం వాదిస్తాను?

ఓటు మారలేదు. అలాంటప్పుడు రూల్ ఏంటంటే, బక్క గెలుపు కొట్టేయండి. నాలుగు మూడు పోయింది. 'మసూద' మొదటిది, 'తుంబాడ్' రెండు, 'అరుంధతి' మూడు. మా ఫ్రెండు ఇంకా ఒప్పుకోలేదు, గ్రూప్ డీపీ మార్చి పశుపతి ఫొటో పెట్టాడు. పెట్టుకోనివ్వండి.

షీట్ లింక్ కింద డిస్క్రిప్షన్‌లో ఉంది. ఫైల్ మెనూలోకి వెళ్లి 'మేక్ ఎ కాపీ' నొక్కి మీ కాపీలో మార్చుకోండి. దయచేసి నాకు ఎడిట్ యాక్సెస్ రిక్వెస్టులు పంపకండి.