ఓడుతున్న జట్టుకు పెద్దదిక్కు

[దృశ్యం: సికింద్రాబాద్‌లో ఒక బాస్కెట్‌బాల్ కోర్టు. సాయంత్రం ఆరున్నర. ఫ్లడ్‌లైట్లు అప్పుడే వెలిగాయి. నేపథ్య సంగీతం వద్దు.]

నమస్కారం. ముందుగా ఓ పది సెకన్లు ఈ శబ్దం వినండి.

[పది సెకన్లు: బంతి చప్పుడు, బూట్లు సిమెంటు నేలను రాసుకునే చప్పుడు.]

పదిమంది ఆడుతున్నారు. ఒక్కరి నోటి నుంచీ మాట రావడం లేదు. పసుపు జెర్సీల జట్టు వరసగా 5 మ్యాచ్‌లు ఓడింది. నాకు ఎవరూ చెప్పకముందే అనుమానం వచ్చింది. ఓటములు వరస కట్టినప్పుడు జట్టులో అన్నిటికంటే ముందు మూగబోయేది గొంతు. షాట్లు తప్పడం ఆ తర్వాతి సంగతి.

ఇవాళ మాట్లాడుకునేది ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ గురించి, ముఖ్యంగా అమెరికాలోని ఎన్‌బీఏ లీగ్ గురించి. మనకు తెల్లవారుజామున వచ్చే మ్యాచ్‌ల కోసం అలారం పెట్టుకుని లేచేవాళ్లు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. ఓడిపోతున్న జట్టు ఒక ముప్పయ్యయిదేళ్ల ఆటగాణ్ని తెచ్చుకున్నప్పుడల్లా వాళ్లలో కొందరు విసుక్కుంటారు. కాళ్లలో సత్తువ తగ్గినవాడికి అన్ని కోట్లు ఎందుకని అడుగుతారు. ఆ డబ్బు దేనికో తెలియాలంటే కోర్టు మీద ఒకే ఒక్క క్షణాన్ని దగ్గర నుంచి చూడాలి.

[దృశ్యం: ఇద్దరు ఆటగాళ్లు నెమ్మదిగా చేసి చూపిస్తారు. కెమెరా డిఫెండర్ వీపు వెనక.]

మీరు డిఫెన్స్ ఆడుతున్నారు. బంతి ఉన్నవాణ్ని అడ్డుకుంటూ వెనక్కి, పక్కకి అడుగులు వేస్తున్నారు. మీ కళ్లు అతని నడుము మీద ఉన్నాయి. ఆ సమయంలో ప్రత్యర్థి జట్టు పొడగరి వచ్చి మీ భుజం పక్కన స్తంభంలా నిలబడతాడు. దీన్నే స్క్రీన్ అంటారు. కదలకుండా నిలబడితే అది ఫౌల్ కాదు. మీరు అతన్ని చూడలేరు. చూడగలిగినవాడు మీ వెనక ఉన్న మీ జట్టు పొడగరి ఒక్కడే. ‘స్క్రీన్ లెఫ్ట్!’ అని అతను అరవాలి. అర సెకను ముందు అరిస్తే మీరు భుజం వంచి సందులోంచి జారిపోతారు. అరవకపోతే వెళ్లి గోడకు గుద్దుకున్నట్టే. ఈలోగా బంతి ఉన్నవాడు ఖాళీగా షాట్ వేసేస్తాడు.

పోయిన నెల ఇదే కోర్టులో పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఒకే మ్యాచ్‌లో మూడుసార్లు అలా గుద్దుకోవడం చూశాను. మూడోసారి లేచినప్పుడు అతను ఎవరినీ ఏమీ అనలేదు, ఎవరి వైపూ చూడనూ లేదు. కోచ్ సార్ గీత అవతలి నుంచి ‘మాట్లాడండి, మాట్లాడండి’ అని గొంతు చించుకుంటూనే ఉన్నారు. అప్పుడు బెంచీ మీద నుంచి ఒక సీనియర్ దిగారు. బ్యాంకు ఉద్యోగి, నలభైకి దగ్గరపడుతున్న మనిషి, రెండు మోకాళ్లకూ పట్టీలు. నేరుగా ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లారు.

‘తమ్ముడూ, నీ వెనక నేనున్నాను. నువ్వు బంతి వైపే చూడు. వెనక సంగతి నేను చెబుతాను.’

‘సరే అన్నా.’

అంతే. తర్వాతి పది నిమిషాలు ఆయన నోరు మూతపడలేదు. ఆయన వేసినవి 4 పాయింట్లే. జట్టు ఆ రోజు కూడా ఓడింది. కానీ కుర్రాడు మళ్లీ గుద్దుకోలేదు. ఆఖరి క్వార్టర్‌కు వచ్చేసరికి మిగతా నలుగురూ అరవడం మొదలుపెట్టారు. ఆ పది నిమిషాలు నాకు పాఠం.

[దృశ్యం: తెర మీద గడియారం.]

కోచ్ ఉండగా ఇదంతా సీనియర్ ఎందుకు చేయాలి? చిన్న లెక్క చూడండి. ఎన్‌బీఏలో మ్యాచ్ 48 నిమిషాలు. ఒక్కో జట్టుకు 7 టైమ్‌అవుట్లు, ఒక్కోటి 75 సెకన్లు. అన్నీ కలిపితే 8 నిమిషాల 45 సెకన్లు. మన దగ్గర అంతర్జాతీయ నియమాలతో ఆడే మ్యాచ్‌లలో అయితే 40 నిమిషాలకు 5 టైమ్‌అవుట్లు, ఒక్కోటి ఒక్క నిమిషం. బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి దొరికేది 24 సెకన్లు. ఆ 24 సెకన్లలో డిఫెన్స్ మూడు నాలుగుసార్లు నిర్ణయం మార్చుకోవాలి. వేలమంది అరుస్తున్న స్టేడియంలో బెంచీ దగ్గరి కోచ్ కేక అవతలి మూలకు చేరదు. పైగా సీజన్‌లో 82 మ్యాచ్‌లు, అవీ ఆరు నెలల్లో. ప్రాక్టీసుకు రోజులు మిగలవు. కోచ్ మాట గీత దగ్గర ఆగిపోతుంది. దాన్ని గీత దాటించే మనిషి లోపల ఒకరుండాలి.

నేను చెప్పదలచుకున్నదంతా ఒకే ఒక్క కోచ్ జీవితంలో కనిపిస్తుంది. ఆయన పేరు మాంటీ విలియమ్స్.

[దృశ్యం: అమెరికా పటం, ఫీనిక్స్ నగరం.]

2018-19లో ఫీనిక్స్ సన్స్ 19 మ్యాచ్‌లు గెలిచి 63 ఓడింది. 2019లో విలియమ్స్ కోచ్‌గా వచ్చారు. మరుసటి సీజన్ 34 గెలుపులు, 39 ఓటములు. అందులోనూ కోవిడ్ విరామం తర్వాత ఆడిన 8 మ్యాచ్‌లకు 8 గెలిచింది. అంటే ఇల్లు అప్పటికే చక్కబడుతోంది. ఈ మాట దాచిపెట్టి మొత్తం ఘనత సీనియర్‌కే కట్టబెట్టడం అన్యాయం. 2020 నవంబరులో క్రిస్ పాల్ వచ్చాడు. వయసు 35. పాయింట్ గార్డ్, అంటే బంతిని నడిపించేవాడు. ఆ సీజన్‌లో సన్స్ 51 గెలిచి 21 మాత్రమే ఓడింది, 1993 తర్వాత మొదటిసారి ఫైనల్స్ చేరింది. మరుసటి ఏడాది 64 గెలిచింది. 2022లో విలియమ్స్‌కు ఉత్తమ కోచ్ పురస్కారం వచ్చింది.

ఇప్పుడు అదే కోచ్‌ను డెట్రాయిట్‌కు తీసుకెళదాం. 2023లో పిస్టన్స్ జట్టు ఆయనతో 6 ఏళ్లకు 7.85 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. జట్టులో ముఖ్యులైన కుర్రాళ్లు ఎవరో చూడండి: కేడ్ కన్నింగ్‌హామ్‌కు 22 ఏళ్లు, జేడెన్ ఐవీకి 21, జేలెన్ డ్యూరెన్‌కూ ఆసార్ థామ్సన్‌కూ 20. నలుగురూ ప్రతిభ ఉన్నవాళ్లే. కానీ చెప్పుకోదగ్గ అనుభవజ్ఞుడు బోయన్ బొగ్దనోవిచ్ పిక్క గాయంతో సీజన్ తొలి నెల కోర్టులో అడుగుపెట్టలేదు.

మొదటి 3 మ్యాచ్‌లలో 2 గెలిచారు. ఆ తర్వాత వరసగా 28 ఓటములు. ఒకే సీజన్‌లో అన్ని ఓటములు వరస కట్టడం ఎన్‌బీఏ చరిత్రలో మరెక్కడా లేదు. 28వ ఓటమి డిసెంబరు 28న బోస్టన్‌లో. తొలి సగంలో డెట్రాయిట్ పెద్ద ఆధిక్యంలో ఉంది. మూడో క్వార్టర్‌లో అది కరిగిపోయింది. ఆఖరికి అదనపు సమయంలో ఓడింది. నేను మళ్లీ మళ్లీ చూసేది ఆ మూడో క్వార్టరే. ప్రత్యర్థి వరసగా రెండు షాట్లు వేస్తే ఈ కుర్రాళ్ల తలలు వంగిపోతున్నాయి. అయిదుగురినీ దగ్గరికి లాగి ‘ఏం కాలేదు, ఈ ఒక్కటి ఆపుదాం’ అనే చెయ్యి కనబడదు. ఈ చేతిని లెక్కల పట్టికలో ఎవరూ రాయరు. మ్యాచ్ మాత్రం అక్కడే జారిపోతుంది.

బొగ్దనోవిచ్ డిసెంబరు మొదట్లోనే తిరిగొచ్చాడు. అయినా ఓటములు ఆ నెలాఖరు దాకా ఆగలేదు. మౌనం అలవాటుగా మారాక ఒక్క మనిషి వచ్చి దాన్ని పోగొట్టలేడని నేననుకుంటాను. సీజన్ ముగిసేసరికి 14 గెలుపులు, 68 ఓటములు. ఒక్క ఏడాదికే విలియమ్స్‌ను తప్పించారు. అదే మనిషి, అదే ఆట పరిజ్ఞానం. 2022లో ఉత్తమ కోచ్, 2024లో ఉద్యోగం పోయింది.

2024లో డెట్రాయిట్ కొత్త కోచ్ జేబీ బికర్‌స్టాఫ్‌తో పాటు ముగ్గురు సీనియర్లను తెచ్చుకుంది: టోబియాస్ హారిస్, టిమ్ హార్డవే జూనియర్, మలిక్ బీస్లీ. కుర్రాళ్లలో ముఖ్యులు పాతవాళ్లే. ఫలితం 44 గెలుపులు, 38 ఓటములు. ముందటి సీజన్ గెలుపులను మూడింతలు దాటించిన జట్టు అంతకుముందు ఎన్‌బీఏలో లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ముగ్గురూ ఉపన్యాసాలు ఇవ్వడానికి రాలేదు. బీస్లీ ఆ సీజన్‌లో 319 త్రీ పాయింటర్లు, అంటే రింగుకు దూరంగా గీసిన గీత అవతలి నుంచి మూడేసి పాయింట్ల షాట్లు వేశాడు. అతను ఆ గీత దగ్గర నిలబడితే ప్రత్యర్థి డిఫెండర్ అతన్ని వదిలి లోపలికి రాలేడు. ఆ ఖాళీలోంచి కన్నింగ్‌హామ్ రింగు దాకా వెళ్లగలిగాడు. సీనియర్ ఇచ్చే మొదటి సాయం చోటు. సలహా ఆ తర్వాత.

[దృశ్యం: ఉప్పల్ స్టేడియం బయటి గోడ.]

మన హైదరాబాద్‌కు ఈ కథ కొత్తది కాదు. 2008లో మొదటి ఐపీఎల్. డెక్కన్ చార్జర్స్ 14 మ్యాచ్‌లలో 2 గెలిచి అట్టడుగున నిలిచింది. 2009లో అంతర్జాతీయ క్రికెట్ నుంచి అప్పటికే తప్పుకున్న ఆడమ్ గిల్‌క్రిస్ట్ కెప్టెన్, డారెన్ లీమన్ కోచ్. టోర్నీ దక్షిణాఫ్రికాకు తరలింది. సెమీఫైనల్‌లో గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు. ఫైనల్‌లో సున్నాకే అవుటయ్యాడు. అయినా 143 పరుగులను కాపాడుకుని చార్జర్స్ 6 పరుగులతో బెంగళూరుపై గెలిచి కప్పు ఎత్తింది. ఆ రాత్రి కెప్టెన్ బ్యాటు పనిచేయలేదు. వికెట్ల వెనక నుంచి జట్టును నడిపిన గొంతు పనిచేసింది.

అలాగని పెద్దవాణ్ని తెస్తే చాలనుకోకండి. 2025లో నలభై ఏళ్ల క్రిస్ పాల్ లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌లో చేరాడు. తనకు అదే చివరి సీజన్ అని ప్రకటించాడు. జట్టు ఓటమి మీద ఓటమి చవిచూస్తున్న డిసెంబరులో అతన్ని మధ్యలోనే ఇంటికి పంపేశారు. ఫీనిక్స్‌లో అతను మ్యాచ్‌కు సగటున అరగంటకు పైగా ఆడేవాడు. ఇక్కడ అందులో సగం కూడా లేదు. గద్దించే మాట చెమటతో తడిసి వస్తే కుర్రాళ్లు ఓర్చుకుంటారు. బెంచీ మీద నుంచి వస్తే అదే మాట ముల్లులా గుచ్చుకుంటుంది.

మరి యుడోనిస్ హాస్లెం సంగతి ఏమిటి? 2003 నుంచి 2023 దాకా 20 సీజన్లు ఒక్క మయామి హీట్‌కే ఆడాడు. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేచోట, ఎవరూ ఎంచుకోని ఆటగాడు. మూడు టైటిళ్లలో భాగస్వామి. 2020-21 సీజన్‌లో అతను ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, అదీ మూడు నిమిషాలు నిండకుండానే. అయినా జట్టు అతన్ని వదులుకోలేదు. ఎందుకో 2022 మార్చిలో కెమెరాలకు చిక్కింది. గోల్డెన్ స్టేట్ జట్టుతో మ్యాచ్, టైమ్‌అవుట్. కోచ్ ఎరిక్ స్పోల్‌స్ట్రా, జట్టు ప్రధాన ఆటగాడు జిమ్మీ బట్లర్ ఒకరి మీద ఒకరు కేకలు వేసుకుంటున్నారు. హాస్లెం లేచి బట్లర్‌కు ఎదురు నిలబడి తానూ గట్టిగా అందుకున్నాడు. సహాయ కోచ్‌లు మధ్యలో దూరి విడదీయాల్సి వచ్చింది. చూడటానికి ఇంటి గొడవలా ఉంది. ఇంటి గొడవ కాబట్టే ఇంట్లోనే తేలిపోయింది. ఆ సీజన్ చివరికి మయామి తమ విభాగంలో అగ్రస్థానంలో నిలిచింది. ఆడకుండానే అతని మాట చెల్లిందంటే, అది ఇరవై ఏళ్లు ఒకే గడపలో ఉన్న మనిషి మాట.

అందుకే కోచ్‌లకు నా విన్నపం ఒక్కటే. సీనియర్‌ను తెచ్చుకున్నాక అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని నిజం చెప్పండి. ఎన్ని నిమిషాలు ఆడతాడో, ఏ కుర్రాడి బాధ్యత అతనిదో, డ్రెస్సింగ్ రూములో మీరు చెప్పే మాట ఏదో, అతను చెప్పాల్సింది ఏదో ముందే తేల్చుకోండి. కుర్రాళ్ల ముందు అతని మాటను కొట్టిపారేయకండి. విభేదం ఉంటే గది తలుపు వేసుకుని తేల్చుకోండి.

[దృశ్యం: మళ్లీ సికింద్రాబాద్ కోర్టు. పసుపు జెర్సీ కుర్రాడు ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడ్డాడు.]

ఈసారి తెల్లవారుజామున మ్యాచ్ పెట్టుకున్నప్పుడు, ఓడిపోతున్న జట్టు వైపు చూడండి. ఎవరో ఫౌల్ చేశారు, ఫ్రీ త్రో పడబోతోంది. అందరి కళ్లూ రింగు మీదే ఉంటాయి. మీరు మాత్రం రింగు వదిలేసి మిగతా నలుగురిని చూడండి. ఎవరు చెయ్యి చాపి పిలుస్తున్నారో, ఆ చెయ్యి దగ్గరికి ఎవరెవరు నడిచి వస్తున్నారో చూసి నాకు కింద రాయండి.