యూనియన్‌లోంచి పోయింది వాళ్లు, వీసా లైన్‌లో నిలబడింది మనం

అందరికీ నమస్తే. యూకేలో మనవాళ్లు ఎవరో ఒకరు లేని వాడకట్టు ఇప్పుడు పాలమూరు టౌన్‌లో గానీ నల్లగొండలో గానీ తక్కువే, కాబట్టి బ్రెగ్జిట్‌తో, అంటే యూరోపియన్ యూనియన్‌లోంచి బ్రిటన్ బయటికి పోవడంతో, మనకేం పని అని ఎవరూ అడగరనుకుంటున్నా. అడిగినా జవాబు ముందే చెప్పేస్తా. 2021 తర్వాత మన పిల్లలు అంతమంది లండన్, బర్మింగ్‌హామ్, లెస్టర్ ఫ్లైటెక్కడానికీ, ఇప్పుడు అదే పిల్లలు వీసా అయిపోతోందని టెన్షన్ పడటానికీ ఉన్న పెద్ద కారణాల్లో ఒకటి పదేళ్ల కింద బ్రిటన్ వాళ్లు వేసుకున్న ఓటు.

తెలిసిన సంగతే కాబట్టి త్వరగా చెప్తా. 2016 జూన్ 23న యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా పోవాలా అని బ్రిటన్‌లో ఓటింగ్ పెట్టారు. పోదామన్నవాళ్లు 51.9 శాతం. ఓటింగ్ పెట్టిన ప్రధాని డేవిడ్ కామెరాన్ మర్నాడే రాజీనామా ప్రకటించాడు, తర్వాత వచ్చిన థెరిసా మే ఒప్పందాన్ని పార్లమెంటు మళ్లీ మళ్లీ తిరగ్గొట్టింది, చివరికి బోరిస్ జాన్సన్ హయాంలో 2020 జనవరి 31న కాగితం మీద బయటికొచ్చారు. బతుకులో మార్పు మాత్రం 2021 జనవరి 1 నుంచి. మధ్యలో ఆ నాలుగున్నరేళ్లను జనం మర్చిపోతారు గానీ నన్నడిగితే నష్టం మొదలైంది అక్కడే, ఎందుకంటే రేపు రూల్ ఏముంటుందో తెలియని దేశంలో కొత్త ఫ్యాక్టరీ పెట్టడానికి ఎవడూ తొందరపడడు. కంపెనీల పెట్టుబడి అప్పుడు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

ఈ మాట చెప్పగానే మనదగ్గర వచ్చే ప్రశ్న ఒకటుంది. "మనం 2014లో విడిపోలేదా? ఏం కొంపలు మునిగాయి?" మంచి ప్రశ్నే, దాటేసి పోను. మన విభజనలోనూ ఉద్యోగుల పంపకాలకు, విభజన చట్టం తొమ్మిది, పది షెడ్యూళ్లలోని ప్రభుత్వ సంస్థల లెక్కలకు ఏళ్లకేళ్లు పట్టింది, కొన్ని ఇంకా తేలలేదు. కృష్ణ అవతలి నుంచి వచ్చే సరుకుకు చెక్‌పోస్టులు పడ్డాయి, 2015 ఏప్రిల్ నుంచి ఏపీ బండ్లకు ఇక్కడ ట్యాక్స్ కూడా వేశారు. కానీ రూపాయి మారలేదు, పాస్‌పోర్టు మారలేదు, కర్నూలు పిల్లవాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకోవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ఆ వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు కూడా ఎత్తేశారు. మనం విడిపోయింది ఒకే దేశం లోపల, ఒకే మార్కెట్ లోపల. బ్రిటన్ బయటికి నడిచింది యూరప్ దేశాల అలాంటి ఒకే మార్కెట్‌లోంచే. రెండింటినీ ఒక్క గాటన కట్టేవాళ్లు ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉన్నారు, ఇద్దరి లెక్కా తప్పే.

ఆ మార్కెట్ అంటే ఏమిటో అర్థం కావాలంటే జీఎస్టీకి ముందు అలంపూర్ చౌరస్తా దగ్గర హైవే మీద ఆగిన లారీల వరుసను గుర్తు తెచ్చుకోండి. యూనియన్‌లో ఉన్నన్నాళ్లు స్కాట్లాండ్‌లో పట్టిన రొయ్యలు, నత్తగుల్లలు ఎక్కడా ఆగకుండా పారిస్ హోటల్‌కు చేరేవి. మనకు చెక్‌పోస్టులు పోయిన మూడున్నరేళ్లకు వాళ్లకు కొత్తగా వచ్చాయి. వ్యాపార ఒప్పందం 2020 క్రిస్మస్ ముందురోజు కుదిరింది, సుంకం లేదన్నారు, నిజమే, సుంకం లేదు. కానీ ప్రతి లోడుకూ కస్టమ్స్ డిక్లరేషన్, జంతు ఉత్పత్తి అయితే వెటర్నరీ డాక్టర్ సంతకంతో హెల్త్ సర్టిఫికెట్, సరుకు ఎక్కడ పుట్టిందో రుజువు. మొదటి నెలలోనే స్కాట్లాండ్ మత్స్య వ్యాపారులు లారీలేసుకుని లండన్‌లో ప్రధాని ఆఫీసు దగ్గరికి పోయి నిరసన చేశారు. నెదర్లాండ్స్ రేవులో దిగిన డ్రైవర్ల దగ్గర కస్టమ్స్ వాళ్లు మాంసం శాండ్‌విచ్‌లు కూడా లాక్కున్నారు, టీవీల్లో చూపించారు. నవ్వొస్తుంది గానీ రూల్ అదే, బయటిదేశం నుంచి మాంసం తేకూడదు.

పెద్ద కంపెనీ దీన్ని తట్టుకుంటుంది, కాగితాల పనికి పదిమందిని పెట్టుకుంటుంది. చిన్నవాడు యూరప్‌కు పంపడమే మానేస్తాడు. బ్రిటన్ ప్రభుత్వ బడ్జెట్ లెక్కలు చూసే స్వతంత్ర సంస్థ ఓబీఆర్ అంచనా ప్రకారం, యూనియన్‌లోనే ఉండి ఉంటే ఉండే దానికంటే దేశ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తక్కువగా ఉంటుంది, ఎగుమతులు, దిగుమతులు 15 శాతం తగ్గుతాయి. ఇది అంచనా, కొలిచి చెప్పింది కాదు. మధ్యలో కరోనా వచ్చింది, ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది, ఏ దెబ్బ దేనిదో విడదీయడం కష్టం, బ్రెగ్జిట్ వల్లే అంతా నాశనమైందని చెప్పేవాళ్ల మాటా పూర్తిగా నమ్మకండి.

ఎందుకంటే భయపెట్టినవాళ్ల జోస్యాలు కూడా తప్పాయి. ఓటుకు నెల ముందు బ్రిటన్ ఆర్థిక శాఖ, పోదామని ఓటేస్తే రెండేళ్లలో నిరుద్యోగులు ఇంకో 5 లక్షలదాకా పెరుగుతారని లెక్కేసింది. పెరగలేదు, తగ్గారు. 2019 నాటికి నిరుద్యోగం 4 శాతం దగ్గరికి దిగింది. ఉద్యోగాలు పోవడం అంటే ఒక్కరోజున గేటుకు తాళం పడటం అని మనం అనుకుంటాం, అక్కడ జరిగింది వేరు. ఓటు మర్నాడే పౌండు డాలరుతో పోలిస్తే మూడు దశాబ్దాల అడుగుకు పడింది. మన లెక్కలో ఓటుకు ముందు 100 రూపాయల దగ్గరున్న పౌండు ఆ అక్టోబరుకు 82 దగ్గరికొచ్చింది, అప్పుడు అక్కడి నుంచి ఇంటికి పైసలు పంపినవాళ్లకు ఆ దెబ్బ తగిలే ఉంటుంది. పౌండు పడితే బయటి నుంచి కొనే తిండి, నూనె, బట్ట ధర పెరుగుతుంది. జీతం అంతే, సంచి తేలిక. ఉద్యోగం ఉంది, బరకత్ లేదు.

కొన్ని ఉద్యోగాలు మాత్రం నేరుగానే లేచిపోయాయి. యూరప్ మందుల నియంత్రణ సంస్థ లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డ్యామ్‌కు, బ్యాంకుల నియంత్రణ సంస్థ పారిస్‌కు పోయాయి. లండన్‌లో కూర్చుని యూరప్ అంతటా వ్యాపారం చేసే హక్కు బ్యాంకులకు పోయింది కాబట్టి కొంత స్టాఫ్‌ను ఫ్రాంక్‌ఫర్ట్, డబ్లిన్, పారిస్‌లకు మార్చుకున్నాయి. మన దగ్గర జడ్చర్ల పోలేపల్లి సెజ్‌లో మందుల ఫ్యాక్టరీల్లో చేసే తమ్ముళ్లున్నారు కదా, మీ రెగ్యులేటరీ డిపార్ట్‌మెంట్ వాళ్లను అడగండి, ఒకప్పుడు యూరప్ అంటే బ్రిటన్ కూడా కలిసి ఉండేది, ఇప్పుడు బ్రిటన్‌లో మందు అనుమతికి వేరే ఫైలు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న దగ్గరికొస్తా, కూలి సంగతి.

లింకన్‌షైర్‌లో బోస్టన్ అని ఒక ఊరుంది. చుట్టూ క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆలుగడ్డ చేన్లు. 2004లో పోలండ్, లిథువేనియా లాంటి దేశాలు యూనియన్‌లో చేరాక అక్కడి నుంచి కూలీలు దిగారు, కోతలు వాళ్లవి, ప్యాకింగ్ షెడ్లు వాళ్లవి. ఊళ్లో కిరాయిలు పెరిగాయి, ఆసుపత్రిలో, బడిలో రద్దీ పెరిగింది, మా ఊరు మాది కాకుండా పోయిందన్న కోపం పెరిగింది. ఆ కోపాన్ని నేను ఎగతాళి చేయను, కోపానికి కారణాలున్నాయి. దేశం మొత్తంలో పోదామన్న ఓటు శాతం అత్యధికంగా పడింది ఆ బోస్టన్‌లోనే, 75.6 శాతం.

పాలమూరోళ్లకు ఈ కథ ఇంకో వైపు నుంచి తెలుసు. దేశంలో ఏ డ్యామ్ కట్టినా, ఏ కాలువ తవ్వినా అక్కడ పాలమూరు లేబర్ ఉండేది, ముంబై బస్సెక్కని తండా ఉండేది కాదు. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు నీళ్లు పారిన ఊళ్లలో వలస తగ్గింది, ఇప్పుడు మన దగ్గర వరి నాట్లకు బీహార్ నుంచి మనుషులొస్తున్నారు. పని ఉన్నచోటికి చెయ్యి వస్తుంది. ఒక చెయ్యిని ఆపితే పని ఆగదు, ఇంకో చెయ్యి వస్తుంది, లేదంటే పంట చేన్లోనే మురుగుతుంది. బోస్టన్‌లో అదే జరిగింది. యూరప్ నుంచి స్వేచ్ఛగా వచ్చే దారి మూసుకుపోయాక సీజనల్ వర్కర్ వీసా మీద తేవాల్సి వచ్చింది. 2019లో 2,500 మందితో ప్రయోగంగా మొదలుపెట్టిన ఆ స్కీము కోటాను 2023 నాటికి 55,000 దాకా పెంచారు. ముందు ఉక్రెయిన్ వాళ్లు, యుద్ధం వచ్చాక కిర్గిజ్‌స్థాన్, తజికిస్థాన్, నేపాల్, ఇండోనేషియా వాళ్లు. ఆరు నెలలే, పెళ్లాం పిల్లలను తేవద్దు. పోలండ్ కూలీ కనీసం ఇష్టం లేకపోతే యజమానిని మార్చుకునేవాడు, అదే ఊళ్లో ఇంకో పని చూసుకునేవాడు. కొత్తగా వచ్చినవాడికి అంత సులువు కాదు.

లారీ డ్రైవర్లదీ అంతే. 2021 సెప్టెంబరులో బ్రిటన్ పెట్రోలు బంకుల దగ్గర కిలోమీటర్ల క్యూలు కట్టాయి, పెట్రోలు లేక కాదు, తెచ్చి పోసే డ్రైవర్లు సరిపోక, ఆ వార్త విని జనం ఎగబడటం వల్ల. కరోనాలో డ్రైవింగ్ టెస్టులు ఆగిపోవడం కూడా ఒక కారణం. చివరికి సైన్యంతో ట్యాంకర్లు నడిపించారు. క్రిస్మస్ దాకా చాలని 5,000 మంది డ్రైవర్లకు, 5,500 మంది కోళ్ల పరిశ్రమ కూలీలకు తాత్కాలిక వీసాలు ప్రకటించారు. వద్దని ఓటేసి పంపినవాళ్లను మూడు నెలలకు రమ్మంటే ఎవడొస్తాడు? డ్రైవర్లు పెద్దగా రాలేదు.

నర్సుల లెక్క ఇంకా స్పష్టం. 2015-16లో యూరప్ దేశాల నుంచి 9 వేల పైచిలుకు నర్సులు, మంత్రసానులు బ్రిటన్ రిజిస్టర్‌లో కొత్తగా చేరారు, రెండేళ్లకు ఆ సంఖ్య 800 దగ్గరికి పడింది. అప్పుడే తెచ్చిన ఇంగ్లిష్ పరీక్ష కూడా కొంత కారణం, అది ఒప్పుకోవాలి. ఆ ఖాళీల్లోకి పెద్ద ఎత్తున వచ్చింది ఇండియా, ఫిలిప్పీన్స్, నైజీరియా నర్సులు.

యూనివర్సిటీలూ అదే దారి. 2021 నుంచి యూరప్ విద్యార్థులు కూడా విదేశీ ఫీజు కట్టాల్సి రావడంతో వాళ్ల కొత్త అడ్మిషన్లు ఒక్క ఏడాదిలో సగానికి పైగా పడిపోయాయి. అదే ఏడాది జూలైలో గ్రాడ్యుయేట్ రూట్ అనే వీసా తెరిచారు, చదువయ్యాక రెండేళ్లు ఉద్యోగం వెతుక్కోవచ్చు. 2012లో ఇలాంటి వీసానే వాళ్లే ఎత్తేశారు, గుర్తుందో లేదో. 2022లో స్టడీ వీసాల్లో ఇండియా చైనాను దాటేసింది, దాదాపు 1 లక్షా 40 వేలు. మన కన్సల్టెన్సీల బోర్డులు ఎప్పుడు మొలిచాయో ఒకసారి లెక్కేసుకోండి.

వలస తగ్గించడానికి యూనియన్ వదిలిన దేశంలో నికర వలస, అంటే ఏడాదిలో వచ్చినవాళ్లలోంచి పోయినవాళ్లను తీసేస్తే మిగిలేది, 2023 నాటికి 9 లక్షలు దాటింది. ఓటు వేసిన రోజుల్లో అది 3 లక్షల చిల్లర. యూరప్ వాళ్లు వచ్చేవాళ్లకంటే పోయేవాళ్లే ఎక్కువయ్యారు, వచ్చినవాళ్లు ఎక్కువగా ఆసియా, ఆఫ్రికా వాళ్లు. బోస్టన్ మనిషి కోపం పోయిందా? లేదు, చిరునామా మారింది. తలుపులు ఒక్కొక్కటే పడ్డాయి. 2024 జనవరి నుంచి మాస్టర్స్ పిల్లలు భార్యనో భర్తనో తీసుకుపోయే వీలు లేదు, పరిశోధన కోర్సులకు తప్ప. అదే ఏప్రిల్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాకు కనీస జీతం 26,200 పౌండ్ల నుంచి ఒక్కసారిగా 38,700కు పోయింది, 2025 జూలైలో 41,700. వృద్ధుల సంరక్షణ పనికి 2022లో తెరిచిన కేర్ వర్కర్ వీసాను 2025 జూలై 22 నుంచి బయటిదేశాల వాళ్లకు మూసేశారు.

ఈ కేర్ వీసా దగ్గర కొంచెం ఆగుతా. వెనకట మన మేస్త్రీ ఏం చేసేవాడు? అడ్వాన్స్ ఇచ్చి మనిషిని కట్టేసుకునేవాడు, అది తీరేదాకా సైటు వదలనిచ్చేవాడు కాదు. ఇక్కడ కట్టేసుకోవడానికి పైసలు పెట్టింది మనవాళ్లే. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌ను, అంటే వీసా కోసం పనిచ్చే సంస్థ ఇచ్చే కాగితాన్ని, పనివాడికి అమ్మడం అక్కడి రూల్స్‌కు విరుద్ధం, అయినా ఏజెంట్లు లక్షలకు లక్షలు తీసుకున్నారు, పొలం కుదువ పెట్టి ఇచ్చారు జనం. తీరా పోతే చెప్పినన్ని గంటల పని లేదు. 2022 నుంచి 2024 దాకా 470కి పైగా కేర్ సంస్థలకు బయటివాళ్లను తెచ్చుకునే స్పాన్సర్ లైసెన్సులు బ్రిటన్ ప్రభుత్వం రద్దు చేసింది, రద్దయితే అందులో చేసేవాళ్లకు నోటీసు వచ్చాక 60 రోజుల్లో కొత్త స్పాన్సర్ దొరకాలి, లేదా దేశం విడవాలి. తప్పు సంస్థది, గడువు పనివాడికి.

లాభమేమీ లేదా అంటే ఉంది. యూనియన్‌లో ఉండి ఉంటే బ్రిటన్ సొంతంగా మనతో వ్యాపార ఒప్పందం చేసుకోగలిగేది కాదు, బయటికొచ్చాక 2025 జూలై 24న చేసుకుంది. బట్టలు, తోలు, రొయ్యల మీద సుంకాలు పోతాయి, కంపెనీ పంపితే పోయే ఉద్యోగులకు అక్కడి సోషల్ సెక్యూరిటీ కోత కొన్నేళ్లు తప్పుతుంది. స్టూడెంట్ వీసాకూ దీనికీ సంబంధం లేదు. సంబంధం ఉందని ఏ కన్సల్టెన్సీ అయినా చెప్తే లేచి వచ్చేయండి.

ఇప్పుడు 2026 సెప్టెంబరులో చేరడానికి ఆఫర్ లెటర్ పట్టుకున్నవాళ్లు ఒక లెక్క వేసుకోండి. ఏడాది మాస్టర్స్ అయ్యేసరికి 2027 చివర. 2027 జనవరి 1 నుంచి గ్రాడ్యుయేట్ రూట్‌కు అప్లై చేసేవాళ్లకు రెండేళ్లు కాదు, 18 నెలలే, పీహెచ్‌డీ అయితే మూడేళ్లు. ఆ 18 నెలల్లో స్పాన్సర్ చేసే కంపెనీ దొరకాలి, కొత్తగా చదువు ముగించినవాళ్లకు తగ్గించిన కనీస జీతం కూడా ఏడాదికి 33,400 పౌండ్లు. మీరు చదవబోయే కోర్సుకు అంత జీతంతో ఎవరు తీసుకుంటారో ముందు చూడండి, లోన్ సంతకం నాన్నతో తర్వాత పెట్టించండి. స్పాన్సర్ లైసెన్స్ ఉన్న కంపెనీల జాబితా బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంటుంది, ఫోన్ తీయండి, ఎలా వెతకాలో ఇప్పుడే చూపిస్తా.