లెక్క కుదరనప్పుడు ఎవరి మాట చెల్లాలి?

అందరికీ నమస్కారం.

ఒక పనిని కంప్యూటరుకు అప్పజెప్పేముందు దాన్ని విడమర్చి చూసే సిస్టమ్స్ అనాలిసిస్ మీ సిలబస్‌లో ఒక పేపరు. ఫీజిబిలిటీ స్టడీ, డేటా ఫ్లో డయాగ్రమ్, వాటర్‌ఫాల్ మోడల్ గుణదోషాలు రాసి మార్కులు తెచ్చుకునే సబ్జెక్టుగానే చాలామంది దాన్ని చూస్తారు. ఇవాళ ఆ గుణదోషాల జోలికి నేను పెద్దగా వెళ్లను. ఒకే వంశంలో పుట్టిన రెండు వ్యవస్థల గురించి మాట్లాడతాను. ఒకటి 1951లో లండన్‌లో ఒక టీ కంపెనీ తన కోసం తాను కట్టుకున్నది. రెండోది దాదాపు యాభై ఏళ్ల తరవాత, ఆ వంశానికే వారసురాలైన కంపెనీ బ్రిటన్ పోస్టాఫీసులకు కట్టింది. ఈ రెంటి మధ్య జరిగినదాంట్లో మన వృత్తి గురించి తెలుసుకోవలసింది చాలా ఉంది.

జె. లయన్స్ అండ్ కంపెనీకి బ్రిటన్ అంతటా టీ షాపులుండేవి, బేకరీలుండేవి. కేకు ముక్క మీదా టీ కప్పు మీదా వచ్చే లాభం చాలా చిన్నది. ఆ చిన్న లాభాన్ని పట్టుకోవాలంటే రాయాల్సిన కాగితం మాత్రం గుట్టలు గుట్టలు. కేంబ్రిడ్జిలో గణితం చదివిన జాన్ సిమ్మన్స్ 1923లో ఆ కంపెనీలో చేరాడు. 1930ల్లో అక్కడ సిస్టమ్స్ రీసెర్చ్ ఆఫీస్ అని ఒక విభాగం ఏర్పడింది. గుమస్తాలు పని ఎలా చేస్తున్నారు, ఏ కాగితం ఎవరి చేతికి ఎందుకు వెళ్తోంది, అది లేకపోతే ఏమవుతుంది అని చూడటమే ఆ విభాగం పని. అప్పటికి ఎలక్ట్రానిక్ కంప్యూటరన్నదే లేదన్న సంగతి గుర్తుంచుకోండి. అంటే అక్కడ విశ్లేషణే ముందు పుట్టింది. యంత్రం తరవాత వచ్చింది.

యుద్ధం ముగిశాక, 1947లో, ఆఫీసు పద్ధతులు చూసి రమ్మని థాంప్సన్, స్టాండింగ్‌ఫోర్డ్ అనే ఇద్దరిని కంపెనీ అమెరికా పంపింది. వాళ్లు ప్రిన్స్‌టన్‌లో కంప్యూటర్ల మీద పనిచేస్తున్న హెర్మన్ గోల్డ్‌స్టైన్‌ను కలిశారు. మీ దేశంలోనే కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ ఇలాంటి యంత్రం కడుతున్నాడని ఆయన ద్వారా తెలిసింది. లయన్స్ కేంబ్రిడ్జికి 3,000 పౌండ్లు, సాయానికి ఒక ఉద్యోగిని ఇచ్చింది. విల్క్స్ యంత్రం ఎడ్‌సాక్ 1949 మేలో నడిచింది. దాని నమూనా మీదే జాన్ పింకర్టన్ అనే ఇంజనీరు లయన్స్‌కు సొంత యంత్రం కట్టాడు. పేరు లియో, అంటే లయన్స్ ఎలక్ట్రానిక్ ఆఫీస్. 1951 నవంబరులో బేకరీ ఉత్పత్తుల విలువ కట్టే లెక్క దాని మీద నడిచింది. ఒక వ్యాపార సంస్థ రోజువారీ పనిని కంప్యూటరు మీద పెట్టడం అక్కడే మొదలైంది.

యంత్రం కన్నా నాకు ముఖ్యమైన మనిషి డేవిడ్ కామినర్. ఆయన ఇంజనీరు కాదు, ఆ సిస్టమ్స్ రీసెర్చ్ ఆఫీసు నుంచే వచ్చినవాడు. లియో మీద నడిచే పనుల రూపకల్పన, ప్రోగ్రాముల బాధ్యత ఆయనది. ప్రపంచంలో మొదటి సిస్టమ్స్ అనలిస్టు ఎవరని ఎవరైనా అడిగితే నేను ఆయన పేరే చెబుతాను.

టీ షాపుల సరకుల పనిని ఆయన బృందం ఎలా మార్చిందో చూడండి. రేపటికి ఎన్ని బన్నులు, ఎన్ని కేకులు, ఎన్ని పై ముక్కలు కావాలో ప్రతి షాపు మేనేజరమ్మా రోజూ ఫారం నింపి పంపేది. కంప్యూటరు వచ్చింది కాబట్టి ఆ ఫారాన్ని అలాగే యంత్రం చదివే చిల్లుల కార్డుల మీదికి ఎక్కించడం సులువైన దారి. మనలో చాలామందిమి ఇప్పటికీ చేసేది అదే: పాత రిజిస్టరులో ఎన్ని గళ్లుంటే స్క్రీన్ మీద అన్ని గళ్లు పెడతాం. వాళ్లు అలా చేయలేదు. సోమవారం ఆర్డరు ప్రతి సోమవారం దాదాపు ఒకలాగే ఉంటుంది, మారేది కొద్దిగానే అని గమనించారు. ప్రతి షాపుకు, వారంలో ప్రతి రోజుకు, ఒక మామూలు ఆర్డరు ముందే నిర్ణయించి ఉంచారు. నిర్ణీత సమయానికి హెడ్డాఫీసు నుంచి ఒక ఆపరేటరు షాపుకు ఫోన్ చేస్తుంది. మేనేజరమ్మ మార్పులు మాత్రం చెబుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఆపరేటరు వింటూనే వాటిని కార్డు మీద పంచ్ చేస్తుంది. ఇది 1954 నాటి సంగతి. మేనేజరమ్మకు రాత పని తప్పింది, తప్పులు దొర్లే చోట్లు తగ్గాయి, యంత్రంలోకి ఎక్కించాల్సిన సమాచారం తగ్గింది. రేపు కాస్త ఎండ కాస్తుందేమో, ఇంకో నాలుగు డజన్లు పంపండి అని చెప్పే అధికారం మాత్రం షాపులో నిలబడ్డ మనిషి చేతిలోనే ఉండిపోయింది. ఈ చివరి మాటను గట్టిగా పట్టుకోండి. ఏది యంత్రానికి అప్పజెప్పాలో, ఏది మనిషి దగ్గరే ఉంచాలో తేల్చడమే విశ్లేషణలో అసలు పని.

లియోలో దాదాపు 6,000 వాల్వులు, అంటే బల్బుల్లాంటి ఎలక్ట్రానిక్ గొట్టాలు, ఉండేవి. ఎప్పుడు ఏది పోతుందో తెలియదు. కాబట్టి యంత్రం తప్పు చేస్తుందనే భావనతోనే వాళ్లు ప్రతి పనినీ కట్టారు. ఒకరు రాసిన ప్రోగ్రామును మరొకరు చదివి సరిచూడాలి. లోపలికి వెళ్లిన మొత్తాలూ బయటికొచ్చిన మొత్తాలూ కుదరాలి. జీతాల లెక్కను కొన్నాళ్లు పాత పద్ధతితో పక్కపక్కనే నడిపి, రెండూ ఒకటే చెబుతున్నాయని తేలాకే పాతది ఆపారు. అనుభవమున్న గుమస్తా ఒక ఉద్యోగి జీతం కట్టడానికి 8 నిమిషాలు పట్టేది, లియోకు ఒకటిన్నర సెకను పట్టేది. అంత వేగం చేతిలో ఉండి కూడా వాళ్లు సరిచూడటం మానలేదు.

ఇక పద్ధతుల చరిత్ర. దీన్ని తొందరగా దాటేస్తాను, మీ పుస్తకాల్లో ఉన్నదే. 1970లో విన్‌స్టన్ రాయిస్ ఒక వ్యాసంలో దశల బొమ్మ గీశాడు: అవసరాలు, విశ్లేషణ, డిజైన్, కోడింగ్, టెస్టింగ్. మనం వాటర్‌ఫాల్ అని చదువుకునేది దాన్నే. కానీ ఆ బొమ్మలో ఉన్నట్టు ఒకసారి పై నుంచి కిందికి దిగిపోతే ప్రమాదమనీ, అది వైఫల్యాన్ని పిలవడమేననీ అదే వ్యాసంలో ఆయన రాశాడు. బొమ్మను అందరూ తీసుకున్నారు, హెచ్చరికను వదిలేశారు. 1970ల చివరలో డిమార్కో, యోర్డన్, గేన్, సార్సన్ వంటివారు డేటా ఫ్లో డయాగ్రమ్‌లను వ్యాప్తిలోకి తెచ్చారు. 1980ల్లో బ్రిటన్ ప్రభుత్వం తన ప్రాజెక్టులకు ఎస్‌ఎస్‌ఏడీఎం అనే కట్టుదిట్టమైన పద్ధతిని పెట్టుకుంది. ఆ కాగితాల బరువు మీద విసుగుతో తేలికపాటి పద్ధతులు వచ్చాయి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది కూర్చుని ఎజైల్ ప్రకటన రాశారు. వీటిలో ఏది గొప్పదనే వాదనలో నాకు ఆసక్తి లేదు. ప్రతిదీ ఒక నిజమైన బాధకు జవాబుగా పుట్టిందే. నా ఫిర్యాదు వేరు: డేటా ఎక్కణ్ణుంచి ఎక్కడికి పారుతుందో డయాగ్రమ్ చూపిస్తుంది, యూజరు ఏం కోరుకుంటున్నాడో యూజర్ స్టోరీ చెబుతుంది. ఈ లెక్క తప్పు, నేను ఒప్పుకోను అని యూజరు అన్నప్పుడు ఆ మాట ఎక్కడికి పారాలి? అడిగి గీయించుకుంటే తప్ప ఆ బాణం ఏ బొమ్మలోనూ ఉండదు.

ఇప్పుడు రెండో వ్యవస్థ. లయన్స్ తన కంప్యూటర్ల విభాగాన్ని 1954లో లియో కంప్యూటర్స్ అనే కంపెనీగా వేరు చేసింది. 1963లో అది ఇంగ్లిష్ ఎలక్ట్రిక్‌తో కలిసింది. 1968లో విలీనాలతో ఏర్పడ్డ ఐసీఎల్‌లో భాగమైంది. తరవాత ఐసీఎల్ జపాన్ కంపెనీ ఫుజిత్సు చేతిలోకి వెళ్లింది. ఈ ఐసీఎల్ అనుబంధ సంస్థ పాత్‌వేకు 1996లో ఒక పెద్ద కాంట్రాక్టు వచ్చింది. పోస్టాఫీసు కౌంటర్లలో ప్రభుత్వ భృతులను కార్డు ద్వారా చెల్లించడం దాని ప్రధాన ఉద్దేశం. 1999లో ఆ భృతుల భాగాన్ని రద్దు చేశారు. మిగిలిన దాన్ని బ్రాంచీల అకౌంటింగ్ వ్యవస్థగా దేశమంతా పెట్టారు. అదే హొరైజన్.

కౌంటరు లావాదేవీల భాగాన్ని వేగంగా కట్టాలని ర్యాపిడ్ అప్లికేషన్ డెవలప్‌మెంట్ పద్ధతిని ఎంచుకున్నారు. ఆ పద్ధతి పేరు చెప్పి, ఏం కట్టాలో రాతపూర్వకంగా చెప్పే స్పెసిఫికేషన్ లేకుండా కోడ్ పెరిగిపోయింది. 1998లో కంపెనీ లోపలి బృందమే ఆ కోడ్‌ను పరిశీలించి నివేదిక రాసింది. దాంట్లో ఒక ఉదాహరణ ఉంది. ఒక సంఖ్య గుర్తును మార్చాలి, ధనాన్ని రుణం, రుణాన్ని ధనం చేయాలి. ముందు మైనస్ పెడితే చాలు. అక్కడున్న కోడ్ ఏం చేస్తోందంటే, సంఖ్య సున్నా కంటే తక్కువైతే దాని పరమ మూల్యం, అంటే మైనస్ తీసేసిన విలువ, తీసుకుంటోంది, కాకపోతే దాంట్లోంచి దాని రెండింతలు తీసేస్తోంది. జవాబు సరిగ్గానే వస్తుంది. కానీ డబ్బు లెక్క కట్టే చోట ఇలా రాసి, ఎవరూ సరిచూడకుండా అది ముందుకు వెళ్లిందంటే మిగతా కోడ్ ఎలా ఉంటుందో మీరే ఊహించండి. అదే కంపెనీ వంశంలో, ఒకరి ప్రోగ్రాము మరొకరు చదవనిదే యంత్రం ఎక్కని రోజులుండేవి.

బ్రాంచి నడిపే సబ్‌పోస్ట్‌మాస్టర్లు ఉద్యోగులు కారు. చాలామంది తమ కిరాణా దుకాణంలోనే ఒక పక్కన పోస్టాఫీసు నడిపేవాళ్లు. మన దేశం నుంచి వెళ్లిన కుటుంబాలు కూడా వాళ్లలో ఎన్నో ఉన్నాయి. లెక్కల కాలం ముగిసేసరికి స్క్రీన్ మీద లెక్కకూ గల్లాలో నగదుకూ తేడా వస్తే వాళ్లకు రెండే దారులు: జేబులోంచి కట్టడం, లేదా కేంద్రంతో పరిష్కరించుకుంటానని నొక్కడం. రెండోది నొక్కితే అది అప్పుగా నమోదయ్యేది. ఈ తేడాను నేను ఒప్పుకోవడం లేదు అనే బటన్ లేదు. తేడాను విడిగా పెట్టి ఉంచుకునే స్థానిక సస్పెన్స్ ఖాతా ఉండేది, 2005లో దాన్ని కూడా తీసేశారు. లెక్క ఒప్పుకోకపోతే కొత్త అకౌంటింగ్ కాలంలోకి వెళ్లలేరు, వెళ్లకపోతే కౌంటరు నడవదు.

స్కాట్లండ్‌లోని డాల్‌మెలింగ్టన్‌లో 2015లో ఏం జరిగిందంటే, ఒక పోస్ట్‌మిస్ట్రెస్ 8,000 పౌండ్ల నగదు బదిలీ నమోదు చేయబోతే స్క్రీన్ కదల్లేదు. మళ్లీ మళ్లీ ఎంటర్ నొక్కింది. ప్రతి నొక్కుకూ మరో 8,000 నమోదై, 24,000 పౌండ్ల లోటు కనబడింది. ఎవరైనా చేసే పనే అది. స్క్రీన్ ఆగితే మీరు మాత్రం ఎంటర్ నొక్కరా? హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసిన ఎంతోమందికి, ఈ ఇబ్బంది మీ ఒక్కరికే వస్తోంది అని జవాబొచ్చింది. ఫుజిత్సు సిబ్బంది దూరం నుంచి బ్రాంచి ఖాతాల్లో ఎంట్రీలు చేర్చగలిగేవాళ్లు. అది సాధ్యం కాదని పోస్టాఫీసు ఏళ్ల తరబడి చెప్పింది. పైగా కంప్యూటరు సరిగ్గానే పనిచేస్తోందని ముందే భావించే ధోరణి అక్కడి న్యాయస్థానాల్లో స్థిరపడింది. ఈ లెక్కల ఆధారంగా 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద దోషులయ్యారు. కొందరు జైలుకు వెళ్లారు, వాళ్లలో ఒక గర్భిణి కూడా ఉంది. ఇళ్లు పోయాయి, ప్రాణాలు పోయాయి. మాజీ సబ్‌పోస్ట్‌మాస్టర్ అలన్ బేట్స్ ముందుండి నడిపిన 555 మంది దావాలో 2019లో హైకోర్టు హొరైజన్‌లో లోపాలున్నాయని తేల్చింది. 2024లో పార్లమెంటు చట్టం చేసి శిక్షలు రద్దు చేసింది.

బగ్గులు ప్రతి సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి, లియోలోనూ ఉండే ఉంటాయి. ఇన్ని కుటుంబాలు కూలిపోయింది బగ్గుల వల్ల మాత్రమే కాదు. కౌంటరులో ఉన్న మనిషి చెప్పే మాటకు వ్యవస్థలో చోటు లేకపోవడం వల్ల కూలాయి. ఇది కోడింగ్ లోపం కాదు. అవసరాలు రాసేటప్పుడు వదిలేసిన వాక్యం. అందుకే దీన్ని విశ్లేషణ వైఫల్యంగా నేను చూస్తాను, చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

మన ఊళ్లలో రేషన్ షాపు సంగతి మీకందరికీ తెలుసు. ఈ-పాస్ మెషిన్ మీద వేలు పెడితేనే బియ్యం. పొలం పనితో గీతలు అరిగిపోయిన ముసలమ్మ వేలు పడదు. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి సందర్భం కోసం గ్రామ రెవెన్యూ అధికారి తన వేలిముద్రతో ధ్రువీకరించి సరుకు ఇప్పించే ఏర్పాటు పెట్టారు. వీఆర్వో ఆ రోజు ఊళ్లో లేకపోతే ఏమిటనే ప్రశ్న మిగిలే ఉంది, అది న్యాయమైన ప్రశ్నే. కానీ ‘ఈమె కాదు’ అని యంత్రం అన్నప్పుడు ‘కాదు, ఈమే’ అని చెప్పగల ఒక మనిషికి డిజైన్‌లోనే అధికారం ఇచ్చారు. ఆ ఒక్క స్క్రీన్ రాసిన అనలిస్టు ఎవరో నాకు తెలియదు, ఆ మనిషికి నా నమస్కారం.

మీలో చాలామంది రేపు హైదరాబాదులోనో విశాఖలోనో కూర్చుని, ఎక్కడో బ్రిటన్‌లోని లీడ్స్‌లో ఒక కౌంటరుకు సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఆ కౌంటరును మీరు చూడరు. మీ చేతికి వచ్చేది చేయాల్సిన పని చెప్పే ఒక టికెట్, ఒక స్టోరీ, పని పూర్తయిందని ఒప్పుకోవడానికి కొన్ని యాక్సెప్టెన్స్ షరతులు. అప్పుడు అడగండి: ఇక్కడ కనిపించే మొత్తం తప్పని యూజరు అంటే ఏ బటన్ నొక్కాలి? నొక్కాక ఎవరికి వెళ్తుంది? తేలేవరకు ఆ డబ్బు ఏ ఖాతాలో ఉంటుంది? ఒకే ఫిర్యాదు ఇంకో పది చోట్ల నుంచి వస్తే మనకు తెలిసే ఏర్పాటు ఉందా? సపోర్టు సిబ్బంది డేటా మారిస్తే, మార్చింది యూజరు కాదని లాగ్‌లో వేరుగా పడుతుందా? ఈ ప్రశ్నలకు స్కోపులో చోటు లేదని మేనేజరు అంటే, ఆ మాటను మినిట్స్‌లో రాయించండి. వాటర్‌ఫాల్ అయినా, ఎజైల్‌లో కొద్ది వారాల స్ప్రింటు అయినా దీనికి అడ్డు రాదు.

చివరిగా మన చట్టం సంగతి ఒకటి. మన దేశంలో కంప్యూటరు రికార్డును కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే, పాత సాక్ష్య చట్టం 65బి కిందా, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కిందా ఒక ధ్రువపత్రం జత చేయాలి. ఆ కాలంలో యంత్రం సరిగ్గా పనిచేసిందని ఒక మనిషి సంతకం పెట్టాలి. ఆ మనిషి మీలో ఒకరు కావచ్చు. ఏ లాగ్ చూసి, ఏ ఎర్రర్ రిపోర్టు చూసి ఆ సంతకం పెడతారో ఆ రోజు వెతుక్కుంటే దొరకదు. అది ఉండాలంటే అవసరాల పత్రంలో ఇవాళే రాసి ఉండాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. హొరైజన్ విచారణ కమిషన్ ముందు ఇంజనీర్లు ఇచ్చిన వాంగ్మూలాలు బహిరంగంగానే ఉన్నాయి, వాటి గురించి అడిగినా వివరంగా మాట్లాడుకుందాం.